ఆ ఇంటికి డబ్బు ఎక్కడిది?

అందరికీ నమస్కారం.

వేసవి దగ్గరపడుతోంది. మనలో చాలామందికి ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. లండన్ తిప్పడం అయిపోయాక ఇంకేం చూపించాలన్నది పెద్ద టెన్షన్. అప్పుడు ఎవరో ఒకరు "ఫలానా చోట పాత ప్రభువుల బంగళా ఉంది, తోట బ్రహ్మాండంగా ఉంటుంది" అంటారు. అందరూ కారెక్కి వెళ్తారు. మూడో గదికల్లా నాన్నగారు కూర్చోడానికి కుర్చీ వెతుక్కుంటారు. తర్వాతి వారం ఇంకో ఇంటికి పోదామంటే "ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే కదమ్మా" అని సోఫా దిగరు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఏ ఇంటికి వెళ్లినా పైకప్పుకు బంగారు పూత, గోడల మీద తాతముత్తాతల పటాలు, నలుగురు పట్టే మంచం, దాని చుట్టూ తాడు. ఇవే చూసుకుంటూ పోతే రెండో ఇంటికే విసుగొస్తుంది. నేను మాత్రం గడప దాటగానే ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ ఇంటికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఆ తర్వాత ఎటు పోయింది? మన ఊళ్లో రాత్రికి రాత్రి మేడ లేస్తే అందరం అడిగే ప్రశ్నే ఇది. ఇక్కడికొచ్చాక ఎందుకో మొహమాటపడి మానేశాం.

ముందు డబ్బు ఎటు పోయిందో చెప్తాను. ఎందుకంటే అది పోబట్టే మనకు లోపలికి ప్రవేశం దొరికింది.

ఈ ఇళ్లన్నీ భూమి మీద బతికాయి. చుట్టూ వేల ఎకరాలు, కౌలుదార్లు, ఏటేటా శిస్తు. 1870ల తర్వాత అమెరికా నుంచి ఓడల్లో చౌక ధాన్యం దిగింది. ఇక్కడి ధాన్యం ధరలు పడిపోయాయి, వాటితోపాటు కౌళ్లూ పడిపోయాయి. దాని మీద 1894లో కొత్త వారసత్వ పన్ను వచ్చింది. ఇంటి పెద్ద పోతే ఆస్తిలో కొంత సర్కారుకు కట్టాలి. మొదట్లో ఎంత పెద్ద ఆస్తికైనా 8 శాతం మించలేదు. 1919 నాటికి అది 40 అయింది, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 80కి చేరింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి వెనకే కొడుకూ పోయిన కుటుంబాలున్నాయి. వాళ్లకు ఒక పన్ను తీరకముందే రెండోది మీద పడింది. 20వ శతాబ్దంలో ఇలాంటి ఇళ్లు వందల్లో నేలమట్టమయ్యాయి. కప్పు మీది సీసం, మెట్లు, పొయ్యి చుట్టూ ఉండే పాలరాయి, అన్నీ విడివిడిగా అమ్ముకున్నారు.

డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఇంటి యజమాని, పదో డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్, జాగ్రత్తపరుడే. ముందుచూపుతో ఆస్తి కొడుక్కి బదలాయించాడు. అప్పటి చట్టం ప్రకారం బదలాయించాక ఐదేళ్లు బతికి ఉంటే పన్ను ఉండదు. ఆయన 1950 నవంబరులో పోయాడు. గడువుకు ఇంకా 14 వారాలే ఉంది! ఆ 14 వారాల వల్ల 80 శాతం పన్ను పడింది. భూములు అమ్మారు, చిత్రాలు ఇచ్చేశారు. అక్కడికి కాస్త దూరంలోనే ఉన్న హార్డ్‌విక్ హాల్‌ను, 1590ల్లో వాళ్ల వంశానికి మూలమైన బెస్ అనే మహాతల్లి కట్టించిన ఇంటిని, పన్ను కింద సర్కారుకు అప్పజెప్పారు. 1959లో అది నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. ఈ రెండూ ఒకే వారాంతంలో చూస్తే మంచిది. ఒకటి కుటుంబం నిలబెట్టుకున్న ఇల్లు, రెండోది దాన్ని నిలబెట్టడానికి వదులుకున్న ఇల్లు.

నేషనల్ ట్రస్టు అనగానే మనవాళ్లు చాలామంది ప్రభుత్వ శాఖ అనుకుంటారు. కాదు. 1895లో ఒక సంఘసేవకురాలు, ఒక లాయరు, ఒక చర్చి ఫాదరు కలిసి పెట్టిన ధర్మసంస్థ అది. ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్‌లీ వాళ్ల పేర్లు. వాళ్ల తాపత్రయమంతా సామాన్యులకు నాలుగు గాలి పీల్చుకునే చోట్లు మిగలాలని, ప్రభువుల మేడల గురించి కాదు. వాళ్లు కొన్న మొదటి కట్టడం ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్‌లో ఒక పాత గడ్డికప్పు ఇల్లు, 1896లో, 10 పౌండ్లకి. పెద్ద బంగళాలు ఆ సంస్థకు రావడం 1937 చట్టం తర్వాతే ఊపందుకుంది. యజమాని ఇల్లు ట్రస్టుకిస్తే పన్ను ఉండదు, కుటుంబం అందులోనే ఒక భాగంలో ఉండొచ్చు, మిగతాది జనానికి తెరవాలి. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో "ఇటు ప్రవేశం లేదు" అన్న తలుపు అవతల ఆ కుటుంబమే కాపురం ఉంటుంది.

అందరూ అప్పజెప్పలేదు. విల్ట్‌షైర్‌లో లాంగ్‌లీట్ యజమాని 1949లో టికెట్టు పెట్టి జనాన్ని రానిచ్చాడు, అదీ చాలక 1966లో ఇంటి ముందు అడవిలో సింహాల్ని వదిలాడు. ఆఫ్రికా బయట కారులో కూర్చుని జంతువుల మధ్య తిరిగే సఫారీ అదే మొదటిది. సాటి ప్రభువులు ముక్కు మీద వేలేసుకున్నారేమో గానీ ఇల్లు దక్కింది. మీ పిల్లలు అక్కడ కోతి కారెక్కిందని కేరింతలు కొడుతుంటే, ఆ కోతి కూడా కప్పు రిపేరు కోసమే పనిచేస్తోందని గుర్తుంచుకోండి.

ఇక తోటలు. నాకు ఇళ్లకన్నా ఇవే ఇష్టమని ముందే ఒప్పుకుంటున్నాను.

ఇంటి వెనక కిటికీలోంచి చూస్తే పచ్చిక నేరుగా ఎక్కడో దూరాన మేస్తున్న గొర్రెల దాకా పోతుంది. మధ్యలో కంచె కనపడదు. మరి గొర్రెలు గులాబీ మొక్కల మీద పడవేం? నడుచుకుంటూ చివరిదాకా వెళ్లండి. కాళ్ల దగ్గర నేల ఒక్కసారిగా తెగిపోతుంది. మనవైపు నిలువుగా రాతిగోడ, అవతలివైపు నేల ఏటవాలుగా పైకి లేస్తుంది. కందకంలాంటిదే, నీళ్లుండవు. గొర్రె ఆ వాలు దిగి గోడ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఇంట్లోంచి చూసేవాడికి గోడ లేదు, ఊరంతా తన తోటే అన్నట్టు ఉంటుంది. దీన్ని హా-హా అంటారు. పిల్లల్ని మాత్రం పట్టుకోండి, పరిగెత్తుకుంటూ వచ్చి అందులో పడతారు.

ఈ దేశపు సహజమైన అందం అని మనం ఫోటోలు తీసుకునే దృశ్యాల్లో చాలావరకు మనుషులు గీసి, తవ్వి, నాటినవే. 18వ శతాబ్దంలో కేపబిలిటీ బ్రౌన్ అనే తోటల రూపశిల్పి వాగులకు అడ్డుకట్టలు వేయించి చెరువులు చేశాడు, గుట్టల్ని జరిపించాడు, చెట్లను గుంపులు గుంపులుగా నాటించాడు. డోర్సెట్‌లో మిల్టన్ అబ్బాస్ అనే ఊరుంది. అక్కడి ప్రభువుకు తన ఇంటి ముందున్న పాత ఊరు కంటికి ఇంపుగా లేదు. మొత్తం ఊరునే పడగొట్టించి, కాస్త దూరంలో కొండ సందులో రెండు వరసల్లో ఒకే తీరు గడ్డికప్పు ఇళ్లు కట్టించి జనాన్ని అక్కడికి తోలాడు. ఆ వీధి ఇప్పుడు క్యాలెండర్ల మీద ముద్దుగా కనిపిస్తుంది. ప్రాజెక్టుల కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు, ఇంతకన్నా నేను చెప్పక్కర్లేదు.

ఒక్క తోటే చూసే తీరికుంటే విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్ చూడండి. బ్యాంకరు హెన్రీ హోర్ వేయించినది. చెరువు చుట్టూ దారి, ఒక్కో మలుపులో ఒక్కో గ్రీకు, రోమను తరహా గుడి, రాతి గుహ. చుట్టూ తిరగడానికి గంట చాలు, కానీ నిదానంగా నడవండి. ఎదురుగా కనిపించిన గుడి చెట్ల వెనక దాక్కుని, మళ్లీ ఇంకో పక్కనుంచి బయటపడుతుంది. ఆ కుటుంబపు బ్యాంకు 1672లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. తోట మాత్రం వాళ్లకు మిగల్లేదు. ఒక్కగానొక్క కొడుకు 1917లో యుద్ధంలో పోయాడు, 1946లో స్టౌర్‌హెడ్ ట్రస్టుకు వెళ్లింది.

ఇప్పుడు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న. ఈ మాట ఎత్తగానే మన పెద్దవాళ్లు "ఇంకెక్కడిది, మనదే" అంటారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. చాట్స్‌వర్త్ పునాదిలో ఉన్నది ఎనిమిదో హెన్రీ కాలంలో క్రైస్తవ మఠాల్ని రద్దు చేసి లాక్కున్న ఆస్తుల సొమ్ము. చాట్స్‌వర్త్‌ను కొన్న కావెండిష్ ఆ రద్దు పనికి పెట్టిన అధికారుల్లో ఒకడు. యార్క్‌షైర్‌లో హేర్‌వుడ్ హౌస్ వెనక ఉన్నది కరీబియన్ చెరకు తోటలు, ఆ తోటల్లో బానిసలుగా చచ్చిన ఆఫ్రికా మనుషులు. వాళ్ల లెక్కను మనం మన ఖాతాలో రాసుకోకూడదు.

మన లెక్క వేరేగా ఉంది, అదీ చిన్నదేం కాదు. బెర్క్‌షైర్‌లో బాసిల్డన్ పార్క్ కట్టించిన ఫ్రాన్సిస్ సైక్స్ బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్ కట్టించిన థామస్ రంబోల్డ్ 1778లో మద్రాసు గవర్నరయ్యాడు. ఈ పేరు మన కోస్తావాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఉత్తర సర్కారుల జమీందార్లను వాళ్ల ఊళ్లలోనే విచారించే పద్ధతి తీసేసి మద్రాసుకు రమ్మన్నవాడు ఇతనే. విజయనగరం వ్యవహారంతో సహా చాలా విషయాల్లో లంచాల ఆరోపణలొచ్చాయి, పార్లమెంటులో శిక్షా బిల్లు దాకా వెళ్లింది, 1783లో అది అలాగే వీగిపోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు స్కూలు నడుస్తోంది.

2020లో నేషనల్ ట్రస్టు తన ఆస్తుల్లో 93 చోట్లకు వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో ఉన్న సంబంధాన్ని నివేదికగా వేస్తే ఇక్కడ పెద్ద రగడ అయింది. టీతో స్కోన్లు (చిన్న తీపి రొట్టెలు) తినడానికి వస్తే పాఠాలు చెబుతారేమిటని కొందరు విసుక్కున్నారు. స్కోన్లూ తినండి, పాఠమూ వినండి. రెండూ ఒకే టికెట్టు మీద దొరుకుతున్నాయి, నష్టమేముంది?

మనకు బాగా దగ్గర్లో, షేక్స్‌పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్ పక్కన, చార్ల్‌కోట్ పార్క్ ఉంది. కుర్రవాడిగా షేక్స్‌పియర్ అక్కడి జింకను దొంగతనంగా కొట్టి పట్టుబడ్డాడని ఒక కథ చెబుతారు. కథే, ఆధారం లేదు. నేను చూడమనేది జింకల్ని కాదు, లోపలి నల్లటి కుర్చీల్ని. ఎబొనీ కర్రతో చేసినవి, కాళ్లూ చేతులూ పాకం పట్టినట్టు మెలికలు తిరిగి ఉంటాయి. 1830ల్లో ఇంటి యజమాని జార్జ్ హామండ్ లూసీ వీటిని ముచ్చటపడి కొన్నాడు. ఎందుకంటే అవి ఎలిజబెత్ రాణి తన ఆప్తుడు లీస్టర్ ప్రభువుకు 1575లో ఇచ్చినవని చెప్పి అమ్మారు. అప్పట్లో ఇలాంటి నల్ల కుర్చీ కనిపిస్తే చాలు, ట్యూడర్ రాజుల కాలపు ఇంగ్లీషు పనితనమని మురిసిపోయేవారు. అంతకుముందు 18వ శతాబ్దంలో పురాతన వస్తువుల్లో పండితుడనిపించుకున్న హొరేస్ వాల్పోల్ కూడా అలాగే నమ్మి, ట్వికెన్‌హామ్‌లోని తన స్ట్రాబెరీ హిల్ ఇంటికి కొనుక్కున్నాడు. తీరా చూస్తే అవి కోరమాండల్ తీరం సరుకు. అంటే మన తూర్పు తీరపు వడ్రంగులు కంపెనీ ఓడలకోసం చేసిన కుర్చీలు ఇక్కడ రాణిగారి జ్ఞాపకాలుగా చెలామణి అయ్యాయి. ఆ నగిషీలో పువ్వుల్ని దగ్గరగా చూడండి. మన దేవాలయాల తలుపులు చూసి పెరిగిన కంటికి వెంటనే అనుమానం రావాలి.

18వ శతాబ్దంలో విశాఖపట్నం పెట్టెలకు, బల్లలకు ఇక్కడ మహా గిరాకీ. రోజ్‌వుడ్‌లో ఏనుగు దంతం పొదిగి, దంతం మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఏ ఇంట్లోనైనా అలాంటి చిన్న పెట్టె కనబడితే పక్కన బోర్డు చదవండి. చాలాచోట్ల వైజాగపటం అని ఊరి పేరు ఉంటుంది, చేసినవాడి పేరు ఉండదు. చిత్రకారుడి పేరు లేకపోతే పటానికి సగం విలువ లేదనుకునే ఇళ్లలో ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

డెర్బీ దగ్గర కెడిల్‌స్టన్ హాల్ ఇంకో రకం. మన వైస్రాయి కర్జన్ పుట్టిన ఇల్లు, కింది అంతస్తులో ఆయన తూర్పు దేశాల్లో పోగేసిన వస్తువుల మ్యూజియం. కోల్‌కతాలో ఇప్పుడు లోక్‌భవన్ అంటున్న పాత రాజ్‌భవన్ చూసినవాళ్లకు ఇంటి నమూనా ఎక్కడో చూసినట్టు ఉంటుంది. ఉండాలి మరి, దాన్ని ఈ ఇంటి ప్లాను చూసే కట్టారు.

ఇక వెళ్లేవాళ్లకు నాలుగు ముక్కలు. గదిలో మూల కుర్చీ మీద ఒక పెద్దావిడో పెద్దాయనో కూర్చుని ఉంటారు, మెడలో బ్యాడ్జీ. చాలామంది జీతం లేకుండా వచ్చే రిటైరైనవాళ్లు. మనవాళ్లు వాళ్లను సెక్యూరిటీ అనుకుని తల దించుకుని దాటిపోతారు. ఆగి "ఈ గదిలో మీకు నచ్చిన వస్తువేది?" అని అడిగి చూడండి, బోర్డు మీద లేనిదంతా చెప్తారు. నాన్నగారు కూర్చోబోయే కుర్చీ మీద పైన్ కాయో ముళ్ల తిస్సిల్ పువ్వో పెట్టి ఉంటే కూర్చోవద్దని మర్యాదగా చెప్పడమన్నమాట. గదులు చీకటిగా ఉన్నాయని పరదాలు జరపకండి, వెలుతురు తగిలితే పాత బట్టలు వెలిసిపోతాయి. చలికాలంలో చాలా ఇళ్లు మూసి తోట మాత్రం తెరుస్తారు, కాబట్టి బయల్దేరేముందు వెబ్‌సైటు చూసుకోండి. కారు లేనివాళ్లు ఆదివారం బస్సును నమ్ముకోవద్దు. ఫిబ్రవరిలో స్నోడ్రాప్స్, ఏప్రిల్ ఆఖర్లో బ్లూబెల్స్, జూన్‌లో గులాబీలు, అక్టోబరులో జింకల పోట్లాట.

టికెట్టు ఖరీదనిపించేవాళ్లకు సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ ఉన్నాయి, ఉచితం. నేషనల్ గార్డెన్ స్కీమ్ అని ఇంకొకటి ఉంది. 1927లో జిల్లా నర్సుల సహాయం కోసం ఆరు వందలకు పైగా సొంత తోటలు మనిషికి ఒక షిల్లింగు చొప్పున తెరవడంతో మొదలైంది. ఇప్పటికీ మామూలు ఇళ్లవాళ్లు తమ పెరడు ఒకరోజు తెరిచి, టీ కాచి, ఇంట్లో చేసిన కేకు పెడతారు. మీ అమ్మగారిని ముందు అక్కడికే తీసుకెళ్లండి. భాష రాకపోయినా పర్వాలేదు, రెండు నిమిషాల్లో ఇద్దరూ వంగి మొక్కల మొదట్లో చూస్తూ అంటు గురించి చేతులతో మాట్లాడుకుంటూ ఉంటారు.

మే నెలలో మన సంఘం తరఫున చార్ల్‌కోట్ వెళ్లాలనుకుంటున్నాం. పులిహోర, పెరుగన్నం పార్కులో తినొచ్చు, గదుల్లోకి డబ్బాలు తేవద్దు. హీల్స్ వేసుకోవద్దు, పాత చెక్క నేలకు గుంటలు పడతాయని రానివ్వరు. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు తలుపు దగ్గరున్న కాగితంలో రాసి వెళ్లండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి.