రేవు యంత్రాలకు ప్రజాధనం: ధరను బట్టి ఇద్దామా, పని గంటలను బట్టి ఇద్దామా?

సభకు నమస్కారం.

రేవు కాలుష్యం అనగానే అందరి చూపూ ఓడ పొగగొట్టం మీదికే పోతుంది. ఈరోజు నేను ఒడ్డు మీద, గేటు లోపల తిరిగే యంత్రాల గురించి మాట్లాడతాను. దిగిన కంటెయినర్లను లాక్కెళ్లే యార్డు ట్రాక్టర్లు, వాటిని వరసల్లో పేర్చే రబ్బరు టైర్ల గాంట్రీ క్రేన్లు, పొడవాటి చేతితో కంటెయినర్లను ఎత్తి పెట్టే రీచ్ స్టాకర్లు, ఫోర్క్‌లిఫ్టులు నేటికీ చాలావరకు డీజిల్‌తోనే నడుస్తున్నాయి. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఆ పొగను మొదట పీల్చేది డ్రైవరు, తర్వాత కంటెయినర్ల లాకులు విప్పే కార్మికుడు, ఆపైన ప్రహరీ అవతల కాపురముంటున్న వాళ్లు. ఆ నష్టం సరుకు రవాణా బిల్లులో ఎక్కడా కనబడదు. ఈ యంత్రాల మార్పిడికి ప్రజాధనం ఇవ్వడానికి నా దృష్టిలో ఇదే అసలు కారణం.

అయితే ఆ డబ్బును ఎలా ఇస్తున్నాం? సాధారణంగా కొత్త యంత్రం ధరలో ఇంత శాతమని గ్రాంటు ఇచ్చి ఊరుకుంటున్నాం. యంత్రానికీ యంత్రానికీ ఉన్న తేడా ఈ పద్ధతిలో లెక్కకు రాదు. యార్డు ట్రాక్టర్ నెమ్మదిగా నడుస్తుంది, గేటు దాటదు, షిఫ్టులో చాలాసేపు క్రేన్ కింద వరసలో నిలబడి ఉంటుంది. నిలబడ్డంతసేపూ డీజిల్ ఇంజను తిరుగుతూనే ఉంటుంది కనుక, బ్యాటరీకి మార్చినప్పుడు కలిసొచ్చేది ఎక్కువ. గాంట్రీ క్రేన్‌లో బరువెత్తేవి చాలావరకు విద్యుత్ మోటార్లే, డీజిల్ ఇంజను వాటికి కరెంటు తయారుచేసే జనరేటరును తిప్పుతుంది, అంతే. కేబుల్ ద్వారా నేరుగా కరెంటు అందిస్తే జనరేటరు పని తప్పుతుంది. పైగా 30 టన్నుల పెట్టెను కిందికి దించేటప్పుడు వేడిగా వృథా అయ్యే శక్తిని తిరిగి లైనులోకో బ్యాటరీలోకో పంపవచ్చు. షిఫ్టంతా బరువులు ఎత్తుతూనే ఉండే రీచ్ స్టాకర్ విషయం ఇంత సులువు కాదు.

అసలు చిక్కు భూమి లోపల ఉంది. షిఫ్టు మారే వేళ ట్రాక్టర్లన్నీ ఒకేసారి ఛార్జింగుకు వస్తే పాత సబ్‌స్టేషన్ ఆ భారం మోయలేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్లకు, తవ్వకాలకు, కేబుళ్లకు ఏళ్లు పట్టవచ్చు. కొత్త ట్రాక్టరు ముందు రిబ్బను కత్తిరిస్తారు గానీ, పూడ్చిన కేబుల్‌కు రిబ్బను కట్టేవారు ఉండరు. అయినా ఒక్క టెర్మినల్ నిర్వాహకుడు భరించలేనిదీ, తర్వాత వచ్చేవారందరికీ పనికొచ్చేదీ ఆ కేబులే కాబట్టి, ప్రజాధనంలో పెద్ద వాటా దానికే పోవాలని నా అభిప్రాయం. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే కర్బన లెక్క అంత బాగుండదన్నది నిజమే, కానీ డ్రైవరు ముక్కు దగ్గరి పొగ మాత్రం తప్పుతుంది.

షరతుల విషయంలో అమెరికా అనుభవం చూడదగ్గది. కాలిఫోర్నియాలో 1998లో మొదలైన కార్ల్ మోయర్ పథకం, చట్టం ఎలాగూ చేయించే పనికి డబ్బివ్వకుండా, అంతకు మించి తగ్గించిన కాలుష్యాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2005 నాటి చట్టంతో తెచ్చిన డీజిల్ ఉద్గారాల తగ్గింపు పథకంలో పాత యంత్రాన్ని మార్చేటప్పుడు దాని ఇంజను బ్లాకుకు మూడు అంగుళాల రంధ్రం కొట్టి పనికిరాకుండా చేయాలి. చూడ్డానికి మోటుగా ఉన్నా ఇది తెలివైన నియమం. లేకపోతే ఆ ఇంజను చేతులు మారి ఇంకో రేవులో పొగ కక్కుతుంది. అదే ప్రభుత్వం తెచ్చిన 2022 నాటి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం రేవుల కోసం 300 కోట్ల డాలర్లు కేటాయిస్తూ, యంత్రాలు మనుషులు నడిపేవై ఉండాలని నిర్వచనంలోనే రాసింది. పొగతో పాటు తమ ఉద్యోగం కూడా పోతుందేమోనన్న కార్మికుల భయానికి అది జవాబు.

ఇన్ని షరతులున్నా ఒక సందు మిగిలే ఉంటుంది. గ్రాంటుతో వచ్చిన విద్యుత్ ట్రాక్టరు షెడ్డులో ఉండి, పక్కనున్న డీజిల్ బండి మూడు షిఫ్టులూ తిరిగితే, కాగితం మీద పథకం నెగ్గినట్టే కనబడుతుంది. ఇలాంటి యంత్రాలకు పని గంటల మీటరు మామూలుగా ఉండేదే. గ్రాంటులో కొంత భాగాన్ని ఆపి, ఏటా ఆ మీటరు చూపే గంటలను బట్టి విడుదల చేయాలి. నాలుగైదు యంత్రాలే ఉన్న చిన్న నిర్వాహకులు అంతకాలం ఆగలేరు గనుక వారికి ముందే ఎక్కువ భాగం ఇచ్చి, గంటలు తగ్గితే ఆ మేరకు వెనక్కి తీసుకునేలా ఒప్పందం రాసుకోవచ్చు.