చంద్రగిరిలో మా అవ్వ మిద్దె: సున్నం గారతో చేసిన రిపేరు రెండు వానాకాలాల తర్వాత ఎలా ఉంది?

అందరికీ నమస్కారం. నా వెనక కనిపిస్తున్నది మా అవ్వ ఇల్లు. చంద్రగిరిలో, కొండ కిందనే ఉంటుంది. 2023 జనవరిలో, సంక్రాంతి అయిన వారానికి ఈ ఇంటి రిపేరు మొదలుపెట్టాం. అప్పటినుంచి తెలిసినవాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు: "సున్నం గార నిలబడిందా, మళ్లీ ఊడిందా?" ఇన్నాళ్లూ నేను కావాలనే జవాబు చెప్పలేదు. పని అయిన రోజు ఏ గోడైనా బాగానే కనిపిస్తుంది. దానిమీద వాన పడాలి, ఎండ కాయాలి, మళ్లీ వాన పడాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వాన ఈ గోడలు చూశాయి. 2024లో అక్టోబరు నుంచి పడిన వానలూ చూశాయి. కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

ముందు ఇల్లు చూడండి. గోడ మందం రెండడుగులు. కింద నడుము ఎత్తు వరకు బండరాయి, బంకమన్ను. ఆపైన పలచటి పాతకాలం ఇటుక, సున్నం. పైకప్పు మిద్దె. టేకు దంతెల (అడ్డ దూలాల) మీద ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా పేర్చి, వాటిమీద ఇటుక ముక్కలు కలిపిన సున్నం వేసి, చెక్కలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవాళ్లు. ఇంజనీర్లు దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. ఇక్కడికి దగ్గరలోనే చంద్రగిరి కోటలో రాజమహల్ ఉంది కదా, మూడు అంతస్తుల కట్టడం. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. చిన్నప్పుడు స్కూల్ నుంచి తీసుకెళ్తే ఊరికే చూసి వచ్చాను. ఈ రిపేరు మొదలయ్యాక వెళ్లి ఆ గోడల దగ్గర గంటసేపు నిలబడ్డాను. సున్నం ఎంతకాలం నిలుస్తుందో అక్కడ కళ్లారా చూశాను.

మరి మా ఇంటికి ఏమైంది? పదిహేనేళ్ల కిందట గోడలు అక్కడక్కడా పెచ్చులు ఊడుతున్నాయని ఒక కాంట్రాక్టరుకి చెప్తే, కింద నాలుగడుగుల మేర సిమెంటు పూత పూసి వెళ్లాడు. రెండేళ్లు నున్నగా ఉంది. మూడో ఏడు చెమ్మ సిమెంటు పూతను దాటి పైకి, అంతకుముందు ఎప్పుడూ తడవని చోటికి ఎక్కింది. పడమటి గదిలో ఒక మూల కొట్టకుండా అలాగే ఉంచాం, మీకు చూపించడానికే. వేలి గణుపుతో కొడతాను, వినండి. డబ్బా మీద కొట్టినట్టు మోగుతోంది. అంటే పూత గోడను వదిలేసింది. ఈ పెచ్చు తీస్తే వెనకవైపు చూడండి, ఇటుక ముఖం మొత్తం దానికే అంటుకుని వచ్చేసింది. ఇటుక మీద తెల్లగా, దూదిలా ఉన్నది ఉప్పు. మా ఊళ్లో చౌడు పట్టింది అంటారు.

దీనికి కారణం అర్థమైతే సగం రిపేరు అయినట్టే. పాత ఇళ్ల పునాదుల్లో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని నీళ్లు, దీపం వత్తికి నూనె ఎక్కినట్టు, గోడలోకి ఎక్కుతాయి. సున్నం గారకు సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఎక్కిన తేమ ఎక్కడికక్కడ ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆరే దారి మూసుకుపోతుంది. నీళ్లు పైకి పోతాయి, ఉప్పు మాత్రం పూత వెనక పేరుకుని ఇటుకను లోపలినుంచి పగలగొడుతుంది. పైగా పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టిది. గోడ కొంచెం కదిలితే మెత్తటిదే విరుగుతుంది. దర్జులో, అంటే ఇటుకల మధ్య సందులో, ఉండేది ఇటుక కంటే మెత్తగా ఉండాలి. అప్పుడు అరిగిపోయేది దర్జు, మిగిలేది ఇటుక. అరిగిన దర్జును మళ్లీ నింపుకోవచ్చు. పోయిన ఇటుకను ఎక్కడినుంచి తెస్తాం?

మధ్యలో ఒకసారి వాటర్‌ప్రూఫ్ పెయింటు కూడా వేయించాం. దాని గురించి ఎక్కువ చెప్పను. ఆరు నెలలకు బొబ్బలు లేచాయి, అంతే.

అసలు రివ్యూకి వస్తాను. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది గోడకు చేసిన పని కాదు, పెరట్లో చేసిన పని. కొండ కింద ఇళ్లున్న ప్రతి ఒక్కరూ ఇది వినాలి. మా పెరడు వెనక నేల ఏటవాలుగా పైకి వెళ్తుంది. 2021 నవంబరు వానలకు ఆ వాలు నుంచి నీళ్లు కాలువలా వచ్చి వెనక గోడను తాకాయి. అంతకుముందే అక్కడ మట్టి జారకుండా ఆపే మూడున్నర అడుగుల గోడ, రిటైనింగ్ వాల్, ఉండేది. రాళ్ల మధ్య సిమెంటు దట్టించి కట్టారు గానీ నీళ్లు బయటికి రావడానికి ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. మట్టి తడిస్తే బరువు పెరుగుతుంది, దానికి తోడు వెనక నిలిచిన నీళ్లు తోస్తాయి. గోడ మధ్యలో గర్భిణి పొట్టలా ఉబ్బింది.

దాన్ని విప్పి అవే రాళ్లతో మళ్లీ కట్టించాం. ఈసారి గోడ కొండవైపు కాస్త వాలి ఉంటుంది. వెనక ఒక అడుగు వెడల్పున కంకర పోశాం, మట్టి కొట్టుకొచ్చి పూడిపోకుండా కంకరకూ మట్టికీ మధ్య గుడ్డ పరిచాం. అడుగున ప్రతి ఐదడుగులకూ ఒక మూడంగుళాల పైపు, బయటికి వాలుగా పెట్టాం. మిచౌంగ్ వాన పడిన రాత్రి టార్చి వేసుకుని వెళ్లి చూస్తే ఒక్కో పైపు నుంచి చిటికెన వేలంత ధార వస్తోంది. నాకు ఆ రాత్రి కలిగిన ధైర్యం చెప్పలేను. ఇన్నేళ్లూ ఆ నీళ్లన్నీ మా ఇంటి పునాదిలోకే వెళ్లాయన్నమాట! ఇక్కడ ఒక హెచ్చరిక: మాది మూడున్నర అడుగులే కాబట్టి మేస్త్రి చేతనే కట్టించాం. నాలుగైదు అడుగులు దాటిన గోడైతే స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించకుండా ముట్టుకోకండి.

తర్వాత దర్జులు. పాత సిమెంటు తీసి, ఇటుకల మధ్య వదులైన సున్నాన్ని గీకి, కొత్తది నింపాలి. మొదటి రోజు ఒక కుర్రాడు గ్రైండరు తెచ్చాడు. నేను ఆపేలోపే రెండు వరసల ఇటుక అంచులు తెగిపోయాయి. ఈ కిటికీ కింద చూడండి, దర్జు రెండింతలు వెడల్పుగా ఉంది కదా, అది ఆ గాయమే. ఆ తర్వాత మా మేస్త్రి తాత వచ్చి, సన్న ఉలి, చిన్న సుత్తి తప్ప ఇంకేం ముట్టుకోనివ్వలేదు. ఆయనకు డెబ్భై దాటాయి. "తొందరుంటే కొత్త ఇల్లు కట్టుకోమ్మా, పాత ఇంటికి తొందర పనికిరాదు" అన్నారు. దర్జు వెడల్పుకు రెండింతల లోతు, అంటే సుమారు ఒక అంగుళం వరకు గీకించారు. బ్రష్షుతో దుమ్ము దులిపి, నీళ్లు చల్లి, తాపీ కొనతో సున్నాన్ని లోపలికంటా నొక్కారు. పైన నున్నగా పూసి వదిలితే అది ముఖానికి పౌడరే, లోపల ఖాళీగానే ఉంటుంది.

సున్నం సంగతి. మేం రెండు రకాలు వాడాం. ముందు గదికి కాల్చిన సున్నపురాయి తెచ్చి మేమే తడిపాం. ఎప్పుడూ నీళ్లలో సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్లు పోయకూడదు. కుతకుతా ఉడుకుతుంది, చిట్లుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, ముఖ్యంగా పిల్లల్ని. కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి వెళ్లాలి. తడిపిన సున్నాన్ని నెలరోజులు నీళ్లకింద ఉంచాం. తీసి చూస్తే వెన్నలా ఉంది. దాంట్లో రెండున్నర వంతులు జల్లించిన ఇసుక, కొంచెం ఇటుక పొడి కలిపాం. ఇటుక పొడి వల్ల చెమ్మ ఉన్నచోట కూడా సున్నం గట్టిపడుతుంది. కరక్కాయలు దంచి బెల్లంతో నానబెట్టిన నీళ్లు కలపాలని తాత పట్టుబట్టారు. ఆ వాసన ఇప్పటికీ ముందు గదిలో తలుపులు మూసి ఉంచితే లీలగా వస్తుంది, మా అవ్వ బతికుంటే సంతోషించేది. పూర్వం ఇదంతా ఎద్దులు తిప్పే గానుగలో రుబ్బేవాళ్లు. మాకు గానుగ దొరకలేదు, మిక్సరు అద్దెకు తెచ్చుకున్నాం.

వెనక గదులకు బస్తాల్లో వచ్చే రెడీమేడ్ సున్నం గార వాడాం. కలపడం తేలిక, పని సగం రోజుల్లో అయిపోయింది. రెండేళ్ల తర్వాత రెండింటికీ తేడా ఉందా అంటే, బలంలో నాకు కనిపించలేదు. కొనేముందు బస్తా మీద చదవండి. సిమెంటు కలిసిన సరుకును కూడా కొన్నిచోట్ల లైమ్ ప్లాస్టర్ పేరుతో అమ్ముతున్నారు. అది తెస్తే ఇంత కష్టమూ వృథా.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. సిరంజితో రెండు గోడల మీద చెరొక నీటి చుక్క వేస్తున్నాను. పెయింటు ఉన్న సిమెంటు మీద చుక్క జారి కిందికి వచ్చేసింది. సున్నం మీద చూడండి, దగ్గరగా చూడండి. చుక్క అంచులు నెమ్మదిగా విచ్చుకుంటున్నాయి, మెరుపు పోయింది, ఇప్పుడు తడి మరక మాత్రమే. గోడ పీల్చుకుంది. కాసేపట్లో వదిలేస్తుంది కూడా.

ఇక తప్పులు. ముందు గదిలో దక్షిణం గోడ మీద వెంట్రుకల్లా పగుళ్లు ఉన్నాయి కదా, అది మా తొందరే. ఒక్కో పొర అర అంగుళానికి మించకూడదు, పొరకూ పొరకూ మధ్య కనీసం వారం ఆగాలి. సున్నం సిమెంటులా ఒక్క రోజులో గట్టిపడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. చెల్లెలి పెళ్లిచూపులున్నాయని ఆ గోడకు నాలుగో రోజే రెండో పొర వేయించాం. మార్చి ఎండ మొదలైంది, తడి గోనెపట్టాలు కట్టడం కూడా రెండు రోజులు మరిచిపోయాం. అందుకే మన వైపు ఈ పనికి జనవరి, ఫిబ్రవరి మంచివి. వానలు అయిపోయి ఉంటాయి, ఎండ ముదరదు.

ఖర్చు అడుగుతారు. సామాను పెద్ద తేడా లేదు. కూలీ మాత్రం సిమెంటు పూతకు ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు అయింది, ఎందుకంటే రోజులు ఎక్కువ. అయితే మీ ఇల్లు సిమెంటుతోనే కట్టినదైతే ఇదంతా మీకు అక్కర్లేదు. నేను సిమెంటుకు శత్రువును కాను, మా మేడమెట్లు సిమెంటువే. మీ ఇల్లు ఏ రకమో తెలియకపోతే, ఊడిన చోట దర్జును తాళంచెవితో గీకి చూడండి. తెల్లటి, మెత్తటి పొడి రాలితే అది సున్నం. అలాంటి గోడకు సిమెంటు పూస్తానన్న మేస్త్రిని పంపించేయండి.

చివరగా పెన్సిలు గీతలు. చెమ్మ ఎంతవరకు ఎక్కిందో ప్రతి సంక్రాంతికి గోడమీద గీత గీసి తేదీ రాస్తున్నాను. వెనక గదిలో 2023 గీత నా నడుము దగ్గర ఉంది. 2024ది మోకాలి కింద. 2025ది నేలనుంచి జానెడు. కానీ వీధివైపు మూలకు రండి. ఇక్కడ మూడు గీతలూ దాదాపు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. సున్నం వేసినా కదల్లేదు. కారణం బయట ఉంది. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేశారు, ఇప్పుడు రోడ్డు మా గడప కంటే ఎనిమిది అంగుళాలు ఎత్తు. వాననీళ్లు గోడకు ఆనుకుని నిలుస్తున్నాయి. ఈ వేసవిలో అరుగు పక్కన అడుగు వెడల్పున తవ్వి, కంకర పోసి, పైపుతో నీటిని వీధి కాలువలోకి తిప్పాలని పంచాయతీని అడిగాం. వాళ్లు ఒప్పుకుంటే వచ్చే సంక్రాంతికి ఇక్కడ నాలుగో గీత ఎక్కడ పడిందో ఇదే మూలలో నిలబడి చూపిస్తాను.