తన ఓటమిని తానే చదివిన మనిషి

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పది నిమిషాల్లో అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి మాట్లాడదామని వచ్చాను. ఏ పార్టీ మంచిది, ఎవరు గెలవాలి అన్న సంగతి జోలికి పోను. ఒక్క రోజు గురించి చెప్తాను. 2001 జనవరి 6. పొరపాటున అన్నాననుకోకండి, గుంపులు పార్లమెంటు భవనం మీదికి ఎక్కిన 2021 కాదు, దానికి సరిగ్గా ఇరవై ఏళ్ళ ముందు, 2001.

ఇదే ఎందుకు మాట్లాడాలనిపించిందో ముందు చెప్పాలి. మా అక్క కొడుకు, మా ఆడపడుచు కూతురు ఇద్దరూ డాలస్ దగ్గరే ఉంటారు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కారులో ఇరవై నిమిషాలు. వాళ్ళ పిల్లలు ఒకే చోట కూచిపూడి నేర్చుకుంటున్నారు. ఇద్దరికీ అక్కడి పౌరసత్వం ఉంది, ఓటు ఉంది. 2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది, అక్కడ పోలింగు నవంబరు 5న, అంటే మధ్యలో ఐదు రోజులే. పండగ రోజు అందరూ ఒకే ఇంట్లో భోజనాలకు కూర్చున్నారు. మావాడు ట్రంప్ వైపు, ఆ అమ్మాయి కమలా హారిస్ వైపు. పులిహోర వడ్డిస్తుండగా మొదలైన మాట, పాయసం దాకా కూడా రాకుండానే, ఒక కుటుంబం లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయేదాకా పోయింది. సంక్రాంతికి కలవలేదు, ఉగాదికి కలవలేదు. మా అక్క ఫోన్లో ఏడ్చింది. "అక్కడెవరో గెలిస్తే ఇక్కడ మన పిల్లలు మాట్లాడుకోకపోవడం ఏంటే" అంది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ ఎన్నికల్లో మనవాళ్ళకి సొంత ముడి కూడా ఒకటి పడింది. ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జె.డి. వాన్స్ భార్య ఉష గారి పూర్వీకులది మన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. అటు చూస్తే కమలా హారిస్ తల్లి చెన్నైలో పుట్టిన ఆవిడ. ఎవరి వాదం వాళ్ళకి ఇంటి వాదం అయిపోయింది.

ఈ విడిపోవడం మన తెలుగిళ్ళలోనే వచ్చింది కాదు. 1960లో అమెరికాలో జనాన్ని ఒక మాట అడిగారు, మీ అబ్బాయో అమ్మాయో అవతలి పార్టీ వాళ్ళని పెళ్ళి చేసుకుంటే మీకు బాధా అని. బాధే అన్నవాళ్ళు నూటికి నలుగురో ఐదుగురో. యాభై ఏళ్ళ తర్వాత, 2010లో అలాంటి ప్రశ్నే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది మాకు ఇష్టం ఉండదన్నారు. మనం సంబంధాలు చూసేటప్పుడు కులం అడుగుతాం, గోత్రం అడుగుతాం. వాళ్ళు పార్టీ అడిగే దాకా వచ్చారు. నాకు ఇది నిజంగా భయం కలిగించే సంగతి.

ఇక అసలు కథ.

2000 నవంబరు 7. అప్పటికి ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆల్ గోర్ డెమొక్రాట్ల అభ్యర్థి, టెక్సస్ గవర్నరు జార్జి బుష్ రిపబ్లికన్ల అభ్యర్థి. అక్కడ దేశం మొత్తం మీద ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళు గెలవరు. రాష్ట్రానికి ఇన్నని ఎలక్టోరల్ ఓట్లుంటాయి, మొత్తం 538, అందులో 270 రావాలి. ఆ రాత్రి అంతా ఫ్లోరిడా దగ్గర ఆగిపోయింది. ఫ్లోరిడాకి 25 ఓట్లు, అది ఎవరికొస్తే వాళ్ళే అధ్యక్షుడు.

రాత్రి ఎనిమిదన్నా కాకముందే టీవీ ఛానెళ్ళు ఫ్లోరిడా గోర్‌దే అన్నాయి. పదింటికి, కాదు కాదు ఇంకా తేలలేదు అన్నాయి. తెల్లవారుజామున రెండుంపావుకి బుష్ గెలిచాడన్నాయి. గోర్ ఆ టీవీ మాట నమ్మాడు. బుష్‌కి ఫోన్ చేసి అభినందనలు చెప్పాడు. నాష్‌విల్‌లో వానలో తడుస్తూ జనం ఎదురుచూస్తున్నారు, వాళ్ళ దగ్గరికెళ్ళి ఓటమి ఒప్పుకుంటూ మాట్లాడదామని కారెక్కి బయలుదేరాడు. ఆయన మనుషులు వెనక నుంచి కబురు పెట్టారు, ఆగండి, తేడా కరిగిపోతోంది, మాట్లాడకండి అని. వేదిక దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. మళ్ళీ బుష్‌కే ఫోన్ చేశాడు, ఇందాక చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నానని. ఇద్దరూ ఆ ఫోన్లో కాస్త కటువుగానే మాట్లాడుకున్నారు. బుష్ తమ్ముడు జెబ్ అప్పుడు అదే ఫ్లోరిడాకి గవర్నరు. గెలుపు ఖాయమని తమ్ముడే చెప్పాడని ఈయన అంటే, మీ తమ్ముడి మాటే ఆఖరి మాట కాదని ఆయన.

అక్కణ్ణించి ముప్ఫై ఆరు రోజులు, ఫ్లోరిడా ఓట్లు మళ్ళీ లెక్కపెట్టడం మీదే గొడవ. ఓటు కార్డుకి రంధ్రం పూర్తిగా పడిందా, సగం పడి కాగితం ముక్క వేలాడుతోందా అని అధికారులు కార్డుని వెలుతురుకి ఎత్తిపట్టి, కళ్ళద్దాలు పైకి నెట్టి చూసిన ఫొటోలు నాకింకా కళ్ళముందే ఉన్నాయి. డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఆ లెక్కింపు ఆపేసింది. తొమ్మిది మంది జడ్జిల్లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. దాదాపు అరవై లక్షల ఓట్లు పోలైన రాష్ట్రంలో బుష్ మెజారిటీ 537. వేలు కాదు, లక్షలు కాదు. 537. దేశం మొత్తం మీద చూస్తే గోర్‌కే అయిదు లక్షల నలభై వేలకు పైగా ఎక్కువ ఓట్లొచ్చాయి.

నా అభిప్రాయం దాచను. కోర్టు ఆ లెక్కింపు ఆపకుండా ఉండాల్సింది, పూర్తి కానివ్వాల్సింది. ఇప్పటికీ అదే అనుకుంటాను. గోర్ కూడా అదే అన్నాడు. మర్నాడు రాత్రి టీవీలోకి వచ్చి, కోర్టు తీర్పుతో నేను గట్టిగా విభేదిస్తున్నాను, కానీ ఒప్పుకుంటున్నాను అన్నాడు. బుష్‌కి ఫోన్ చేశానని, ఈసారి మళ్ళీ ఫోన్ చెయ్యనని మాటిచ్చానని చెప్పాడు. 1860లో లింకన్ చేతిలో ఓడిపోయిన స్టీఫెన్ డగ్లస్ లింకన్‌తో అన్న మాటని గుర్తుచేశాడు, దేశభక్తి ముందు పార్టీ పట్టుదల తలవంచాలి అని. ఒప్పుకోలేను, అయినా ఒప్పుకుంటున్నాను. ఈ రెండు మాటలూ ఒకే నోటినుంచి రావడం ఎంత కష్టమో ఎప్పుడైనా ఆస్తి తగాదాలో కోర్టుకెళ్ళి ఓడిపోయి వచ్చినవాళ్ళని అడగండి.

కానీ నేను చెప్పాలనుకున్న రోజు ఇంకా ముందుంది. అమెరికాలో ఎలక్టోరల్ ఓట్లని జనవరి 6న ఉభయసభల ముందు లెక్కపెడతారు. ఆ సభకి అధ్యక్షత వహించేది ఉపాధ్యక్షుడు, అక్కడి పైసభ అయిన సెనేట్‌కి ఆయనే అధ్యక్షుడు కాబట్టి. 2001 జనవరి 6న, శనివారం, ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు? ఆల్ గోర్. ఓడిపోయిన మనిషే.

ఫ్లోరిడా దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కూర్చున్న సభ్యులు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. గోర్ పార్టీ వాళ్ళే. ఎక్కువమంది నల్లజాతి సభ్యులు. ఫ్లోరిడాలో తమవాళ్ళ పేర్లు జాబితాల్లోంచి తీసేశారని, ఓటు వెయ్యనివ్వలేదని వాళ్ళ ఆవేదన, అందులో నిజముంది కూడా. కానీ అప్పటి నిబంధన ప్రకారం అభ్యంతరం మీద ప్రతినిధుల సభ నుంచి ఒకరి సంతకం, సెనేట్ నుంచి ఒకరి సంతకం, రెండూ ఉండాలి. సెనేట్ నుంచి ఒక్కరంటే ఒక్కరు సంతకం పెట్టలేదు. గోర్ ప్రతివాళ్ళనీ అదే అడిగాడు, సెనేటర్ సంతకం ఉందా? లేదు. అయితే తీసుకోవడానికి వీల్లేదు. ఇంకొకరు లేచారు. సంతకం ఉందా? లేదు. వీల్లేదు. ఇలా ఇరవై సార్ల దాకా. మాక్సీన్ వాటర్స్ అనే సభ్యురాలు లేచి, సెనేటర్ సంతకం లేకపోయినా నాకు పట్టింపు లేదంది. దానికి గోర్, నిబంధనలకి పట్టింపు ఉంది అన్నాడు. ఆల్సీ హేస్టింగ్స్, ఆయనది ఫ్లోరిడానే, మేం చెయ్యగలిగిందంతా చేశాం అన్నాడు గోర్‌తో. గోర్ ఆయనకి ధన్యవాదాలు చెప్పాడు. ఆ నల్లజాతి సభ్యులు కొందరు సభలోంచి బయటికి వెళ్ళిపోయారు.

ఒక్కసారి ఊహించుకోండి. తన కోసం లేచిన మనుషులు, తను గెలవాలని కోరుకున్న మనుషులు, వాళ్ళని తన నోటితో తానే కూర్చోబెట్టాడు. చివరికి లెక్క చదివాడు, బుష్‌కి 271, గోర్‌కి 266. తన ఓటమిని తానే చదివాడు. కొత్త అధ్యక్షుడికి, కొత్త ఉపాధ్యక్షుడికి దేవుడి ఆశీస్సులుండాలని చెప్పి సభ ముగించాడు.

1961లో అప్పటి ఉపాధ్యక్షుడు నిక్సన్ కూడా కెనెడీ చేతిలో ఓడి ఇదే కుర్చీలో ఇదే పని చేశాడు, ఆయన రిపబ్లికన్. అంటే ఈ మర్యాద ఒక పార్టీ సొత్తు కాదు. 2021లో ఏమైందో మీకు తెలుసు, దాని గురించి ఎక్కువ చెప్పను. ఓడినాయన ఓటమి ఒప్పుకోకపోతే ఒక్కరోజులో ఎంత పాడవుతుందో లోకమంతా టీవీల్లో చూసింది. తర్వాత 2022లో చట్టం మార్చారు, ఇప్పుడు అభ్యంతరానికి రెండు సభల్లోనూ అయిదో వంతు సభ్యుల సంతకాలు కావాలి. 2025 జనవరి 6న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా కమలా హారిస్ ఆ కుర్చీ దగ్గర నిలబడి, ట్రంప్‌కి 312, కమలా హారిస్‌కి 226 అని తన పేరు తానే చదివింది. గంట కూడా పట్టలేదు. మావాడు ట్రంప్‌కి ఓటేసినవాడే, ఆ రోజు ఆమె మీద గౌరవం కలిగిందని నాతో అన్నాడు. ఆ మాట ఆ అమ్మాయికి మాత్రం చెప్పలేదు.

టైమైపోతోందని అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపుతున్నారు, కాబట్టి పనికొచ్చే మాట ఒక్కటి చెప్పి ఆపుతాను. అమెరికాలో మనవాళ్ళున్న ప్రతి ఇంటికీ ఇది పనికొస్తుంది. మనకి ఎన్నికల సంఘం ఉంది, అదే లెక్కపెట్టిస్తుంది, అదే ఫలానావారు గెలిచారని చెప్తుంది. అక్కడ అలా దేశం మొత్తానికీ లెక్కపెట్టి చెప్పే సంస్థ లేదు. ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిది. పోలింగు రాత్రి టీవీలో ఫలానా రాష్ట్రం ఫలానావారిదే అని వచ్చేది ఆ ఛానెల్ అంచనా. అంచనా మాత్రమే. ఫలితం కాదు. గోర్ అంతటివాడే దాన్ని నమ్మి ఫోన్ చేసి, మళ్ళీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకని ఆ రాత్రి, ఆ మర్నాడు, కుటుంబం వాట్సాప్ గ్రూపులో గెలిచాం అని బాణసంచా బొమ్మలు, మోసం అని ఎర్ర అక్షరాలు పెట్టకండి. రాష్ట్రాలు సంతకం పెట్టి ఇచ్చిన లెక్క వచ్చేదాకా ఆగండి. అప్పుడు కూడా గెలిచిన వైపు వాళ్ళు ఓడిన వైపు వాళ్ళకి ముందు ఫోన్ చెయ్యండి, గెలుపు గురించి కాదు, భోజనానికి రమ్మని.

2001 నాటి ఆ సభ వీడియో మావాళ్ళిద్దరికీ పంపాను. మావాడు రెండుసార్లు చూశానన్నాడు. ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. సెలవు, నమస్కారం.