మందిరపు అప్పు, సంఘపు మాట

సభాధ్యక్షులకు, సంఘ కాపరులకు, పెద్దలకు, కోశాధికారులకు నా వందనాలు.

మందిర నిర్మాణానికి చేసిన అప్పును వాగ్దాన కానుకల ద్వారా, అంటే ఇంత ఇస్తామని ముందే రాసిచ్చి గడువులోగా చెల్లించే కానుకల ద్వారా తీర్చుకునే మార్గం గురించి మాట్లాడమని నన్ను కోరారు. అప్పు సంఘమంతటిదీ అయినా, దాన్ని మోసే శక్తి అన్ని ఇళ్లకూ ఒకే తీరుగా ఉండదు. ఆ తేడాను ఎవరి ముఖమూ చిన్నబోకుండా సర్దుకోగలిగిన కార్యక్రమమే సరైనదని, అలా సర్దుకోలేనిది బ్యాంకు బాకీని తీర్చినా సంఘాన్ని లోలోపల చీల్చి పోతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అసలు అప్పు చేసి మందిరం కట్టవచ్చా అన్న ప్రశ్న మీద ఎక్కువసేపు నిలవను. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగిన మాట లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. లండన్‌లో ప్రసిద్ధ బోధకుడు స్పర్జన్ సంఘం కట్టిన మెట్రోపాలిటన్ టాబర్నకిల్ 1861లో రూపాయి అప్పు లేకుండా తెరుచుకుందన్నది చరిత్ర. అది ఆదర్శమే. కానీ ఇక్కడున్న సంఘాలు ఇప్పటికే సంతకాలు చేసి, గోడలు లేపి, ఆ గోడల మధ్య ఆరాధిస్తున్నాయి కనుక ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడమే ఇప్పుడు మన ముందున్న పని.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవారి అనుభవాల్లో మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ సంఘస్థులది నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. 1739లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వారు ‘న్యూ రూమ్’ అనే కూడికల భవనానికి పునాది వేశారు. బాధ్యతను మొదట 11 మంది ధర్మకర్తలకు అప్పగించినా, పని సాగాలంటే ఖర్చంతా తానే తలకెత్తుకోక తప్పదని వెస్లీకి త్వరలోనే అర్థమైంది. చూస్తుండగానే 150 పౌండ్లకు మించిన అప్పు తన మీద పడిందని, సంఘస్థుల చందాలన్నీ కలిపినా అందులో నాలుగో వంతుకు చాలలేదని ఆయన దినచర్యలో రాసుకున్నారు. ఆ బాకీలు ఎలా తీర్చాలో ఆలోచించడానికి 1742 ఫిబ్రవరి 15న అక్కడి సభ్యులు కూడుకున్నారు. ఫోయ్ అనే కెప్టెన్ లేచి, అప్పు తీరేవరకు ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని ప్రతిపాదించాడు. మనలో చాలామంది బీదలు, అంత ఇచ్చుకోలేరని మరొకరు అభ్యంతరం చెప్పారు. అప్పుడు ఆ కెప్టెన్, అందరికంటే బీదలైన 11 మందిని తనకు అప్పగించమని, వారం వారం వారి ఇళ్లకు తానే వెళ్తానని, వారు ఇవ్వగలిగితే తీసుకుంటానని, ఇవ్వలేకపోతే వారి వంతు కూడా తానే చెల్లిస్తానని అన్నాడు. మిగిలినవారు కూడా తమ పొరుగున ఉన్న 11 మందిని అలాగే చూసుకోమని కోరాడు. ఆ మాటే అమలైంది.

ఆ సమాధానాన్ని మీరు కాస్త నిదానంగా ఆలోచించాలని నా మనవి. బీదవారిని లెక్కలోంచి తీసేద్దామని ఆయన అనలేదు. తీసేసి ఉంటే వారు ఆ మందిరంలో అతిథులుగా మిగిలిపోయేవారు. అందరూ సమానంగా కట్టాల్సిందేనని పట్టుబట్టనూ లేదు. పట్టుబట్టి ఉంటే వారు సిగ్గుతో కూడికలకే రావడం మానేసేవారు. ప్రతి పేరూ పట్టికలో ఉంది, ప్రతి గడపకూ ఒక మనిషి వెళ్లాడు, లోటును మాత్రం కలిగినవారు చడీచప్పుడు లేకుండా పూడ్చారు. ఇలా వారం వారం ఇళ్లకు వెళ్లినవారికి ఎవరి ఇంట్లో జబ్బు ఉంది, ఎవరి కాపురంలో కలతలు ఉన్నాయి, ఎవరు మళ్లీ తాగుడుకు లోనయ్యారు అన్నవి తెలియసాగాయి. తాను ఎంతోకాలంగా వెతుకుతున్న సాధనం ఇదేనని వెస్లీ గుర్తించారు. మెథడిస్టు సంఘాలను తరతరాలు నిలబెట్టిన తరగతి కూడికలు అనే చిన్న గుంపులు అలా మందిరపు అప్పులోంచి పుట్టాయి. సంఘ పరిచర్యకు అడ్డమని మనం విసుక్కునే డబ్బు పనే పరిచర్యకు తలుపు తెరిచిందంటే, మన వాగ్దాన పత్రాలను ఇంటింటికీ ఎవరు తీసుకెళ్తారు, తీసుకెళ్లి ఏం మాట్లాడతారు అన్నవి ముద్రించిన పత్రం కంటే ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పత్రాలను ఆరాధన చివర బల్లల మీద పంచి, మరుసటి వారం పెట్టెలో వేయమనే పద్ధతి నాకు నచ్చదు.

ఇక లెక్కకు వద్దాం. సంఘ సభ్యులకు అప్పు మొత్తం ఎంతో చెబుతాము గాని, అప్పు ఎలా పనిచేస్తుందో అరుదుగా చెబుతాము. ఏడాదికి 10 శాతం వడ్డీ మీద, 15 ఏళ్ల సమాన నెలసరి వాయిదాలతో 100 పాళ్ల అప్పు తీసుకున్నామని అనుకుందాం. అప్పు తీరేసరికి మనం చెల్లించేది దాదాపు 193 పాళ్లు. మొదటి వాయిదాలో నాలుగింట మూడు వంతులకు పైగా వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది కొద్దిగానే. అదే అప్పులో మొదట్లోనే 20 పాళ్లు అసలు కింద జమచేసి, నెలసరి వాయిదాను మాత్రం తగ్గించకుండా కడుతూ పోతే, అప్పు 10 ఏళ్లలోపే తీరిపోతుంది, 48 పాళ్ల వరకు వడ్డీ మిగులుతుంది. పదో ఏడు ముగిశాక ఆ 20 పాళ్లే కడితే మిగిలేది సుమారు 9 పాళ్లు మాత్రమే. కనుక వాగ్దాన కానుకలకు సాధారణంగా పెట్టే మూడేళ్ల గడువు అప్పు తొలినాళ్లలోనే పడాలి. సంఘం ఇంకా కొత్త మందిరపు సంతోషంలో ఉన్నప్పుడే అడగడం ఎందుకని పెద్దలు మొహమాటపడి, ఐదారేళ్లు ఆగి, వాయిదాలు బరువైన తరువాత అడుగుతారు. ఆ మొహమాటం ఖరీదు సభ్యుల కానుకల్లోంచే వెళ్తుంది.

ఇక్కడ కోశాధికారులకు ఒక జాగ్రత్త. ముందస్తు చెల్లింపుకు అప్పు ఒప్పందంలో రుసుము ఏమైనా ఉందేమో ముందే చదవండి. అదనంగా కట్టిన ప్రతి మొత్తాన్నీ అసలు కింద జమచేయాలని, వాయిదా మొత్తం మార్చకుండా కాలాన్ని తగ్గించాలని రాతపూర్వకంగా కోరండి.

వాగ్దానం అంటే ఏమిటో కూడా సంఘానికి విడమరచి చెప్పాలి. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకుండా ఉండడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం చెబుతోంది. ఆ వాక్యాన్ని అడ్డం పెట్టుకుని, రాసిచ్చిన మొత్తం కట్టలేకపోయినవారిని బెదిరించేవారు ఉన్నారు. అది వాక్యాన్ని వాడవలసిన తీరు కాదు. అది తొందరపడి మాట ఇవ్వవద్దని ఇచ్చేవారికి చేసిన హెచ్చరిక. వసూలుకు వెళ్లేవారి చేతిలో అది ఆయుధం కాకూడదు. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం కొరింథు సంఘం కానుక ఇస్తామని చెప్పి ఒక సంవత్సరం గడిచాక, పౌలు రాసిన మాటలు రెండవ కొరింథీయుల పత్రికలో 8, 9 అధ్యాయాల్లో ఉన్నాయి. తలపెట్టిన దాన్ని పూర్తిచేయమని ఆయన గట్టిగానే గుర్తుచేశారు. అయితే ఒకడు తనకు ఉన్న కొలదే ఇవ్వాలని, లేనిదాన్ని బట్టి కాదని, సణుగుడు గాని బలవంతం గాని ఉండకూడదని కూడా అక్కడే రాశారు. మనం మొదటి మాటను పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే పౌలును సగమే చదివినట్టు.

అందుచేత వాగ్దాన పత్రం మీదే ఒక వాక్యం అచ్చు వేయించాలని నా సలహా: పరిస్థితులు మారితే ఈ మొత్తాన్ని తగ్గించుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు, కారణం చెప్పనవసరం లేదు. ఉద్యోగం పోయినవారు, ఇంట్లో జబ్బు వచ్చినవారు పెద్దల ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకునే అవసరం రాకూడదు. అలా రాస్తే అందరూ తప్పించుకుంటారని కొందరు భయపడతారు. తప్పించుకునే దారి ఉందని తెలిసినవాడే నిజంగా ఇవ్వగలిగినంత నిర్భయంగా రాస్తాడని నేను అంటాను. అయితే ఈ స్వేచ్ఛ ఇచ్చినప్పుడు రాసిన మొత్తాన్ని చేతికొచ్చిన డబ్బుగా పెద్దలు లెక్కించకూడదు. కొంత తరుగు ఉంటుందని ముందే అనుకుని చెల్లింపులు వేసుకోవాలి. వాగ్దానాల బలం చూసుకుని కొత్త హాలుకు శంకుస్థాపన చేయడం మరో అప్పుకు నాంది పలకడమే.

పేర్ల సంగతి ఇంకా సున్నితమైనది. దేవాలయ నిర్మాణం కోసం దావీదు తన సొంత ధనంలోంచి 3,000 తలాంతుల బంగారం, 7,000 తలాంతుల వెండి ఇస్తున్నట్టు సమాజం ముందే ప్రకటించాడని, ఆ తరువాత అధిపతులు మనస్ఫూర్తిగా ఇచ్చారని, అది చూసి జనులు సంతోషించారని మొదటి దినవృత్తాంతముల గ్రంథం 29వ అధ్యాయంలో చదువుతాము. నాయకులు ముందుగా ఇవ్వాలన్నది అందులోంచి నేర్చుకోవలసిన మాట. కాపరి, పెద్దలు, కమిటీ సభ్యులు తమ పత్రాలను మొదటి రోజే ఇచ్చి, వారందరి వాగ్దానాలూ కలిపి ఎంతైందో ఒకే అంకెగా చెప్పడం మంచిది. కానీ ఇచ్చినవారి పేర్లను, మొత్తాలను వేదిక మీద చదవడం, గోడ మీద పలకలు చెక్కించడం నేను సమర్థించను. కానుకపెట్టె ఎదుట రెండు కాసులు వేసిన బీద విధవరాలు అందరికంటే ఎక్కువ ఇచ్చిందని చెప్పిన ప్రభువు పేరిట కట్టిన గోడ మీద ఆమె పేరు ఏ వరుసలో రాయగలం? ఏ ఇంటివారు ఎంత రాశారన్నది ఒకరిద్దరు లెక్కదారులకే తెలియాలి. అది కాపరికి కూడా తెలియకపోతే మరీ మేలు, అప్పుడే ఆయన ప్రతి ఇంటికీ ఒకే మనసుతో వెళ్లగలడు.

కానుకకు బదులుగా ఆశీర్వాదాన్ని అమ్మడం గురించి వేరే చెప్పాలి. మాయింజ్ ఆర్చ్‌బిషప్ ఆల్బ్రెష్ట్ తన పదవి కోసం రోముకు చెల్లించవలసిన సొమ్మును ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ వడ్డీ సంస్థ దగ్గర అప్పు చేశాడు. ఆ అప్పు తీర్చడానికి, పాపాలకు పడే శిక్ష తగ్గుతుందని చెప్పి ఇచ్చే పాపపరిహార పత్రాల అమ్మకాన్ని పోపు అనుమతించాడు. వచ్చిన దాంట్లో సగం రోములోని సెయింట్ పీటర్స్ దేవాలయ నిర్మాణానికి, సగం ఫుగ్గర్ల బాకీకి వెళ్లింది. టెట్జెల్ అనే సన్యాసి ఆ పత్రాలను ఊరూరా అమ్ముతుంటే, దాన్ని ప్రశ్నిస్తూ 1517లో లూథర్ తన 95 వాదాలను రాశాడు. పాశ్చాత్య క్రైస్తవ్యం చీలిపోవడానికి తక్షణ కారణాల్లో మందిర నిర్మాణమూ, అప్పు వసూలూ ఉన్నాయన్నమాట. ఈ అప్పుకు ఇస్తే మీ అప్పులు తీరుతాయని, పత్రం నింపితే రోగం నయమవుతుందని వేదిక మీద నుంచి చెప్పేవారు ఆ చరిత్రను మళ్లీ చదవాలి. సంఘం తన మాట నిలబెట్టుకోవడానికి, వడ్డీకి పోతున్న సొమ్మును పరిచర్యకు మళ్లించడానికి ఈ కానుక అడుగుతున్నాము. అడగడానికి ఆ కారణం చాలు.

లెక్కల నిర్వహణకు రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయాన్ని మించిన పాఠం నాకు తెలియదు. దేవాలయం బాగుచేయడానికి వసూలైన సొమ్ము యాజకుల చేతుల్లోనే ఉండిపోయి, రాజైన యోవాషు ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా శిథిలాలు అలాగే ఉన్నాయి. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం పక్కన ఉంచాడు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖరి, ప్రధానయాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, సంచుల్లో కట్టి, పని చేయించేవారికి అప్పగించారు. నిర్మాణ నిధికి విడి ఖాతా, లెక్కపెట్టడానికి ఇద్దరు వేర్వేరు మనుషులు, డబ్బు నేరుగా పనికే చేరడం: మన ఆడిటర్లు అడిగేది ఇంతకంటే ఎక్కువ కాదు. ప్రతి నెలా ఎంత వచ్చింది, అసలు ఎంత తగ్గింది, ఇంకా ఎంత ఉంది అన్న మూడు అంకెలు నోటీసు బోర్డు మీద ఉండాలి. వసూళ్లు తగ్గిన నెలలో ఆ బోర్డును ఖాళీగా వదిలితే, మరుసటి నెల పెట్టిన అంకెను ఎవరూ నమ్మరు.

ఆదివారపు కానుకలు తగ్గిపోతాయన్న భయం నిజమైనదే. కుటుంబాలు ఒక సంచిలోంచి తీసి మరో సంచిలో వేస్తే కాపరి జీతం, పేదల నిధి ముందుగా దెబ్బతింటాయి. ఈ కానుక మామూలు కానుకకు అదనమని, అదనంగా ఇవ్వలేనివారు మామూలు కానుకనే కొనసాగించమని స్పష్టంగా చెప్పాలి. అప్పు ఇచ్చినవారు బ్యాంకులే కాదు, ఇటుకలు, ఇసుక, కర్ర ఇచ్చిన చిన్న వ్యాపారులు కూడా. కాలిఫోర్నియాలో 1980లో తెరిచిన ప్రఖ్యాత క్రిస్టల్ కేథడ్రల్ సంఘం 2010లో దివాలా కోర్టుకు వెళ్లినప్పుడు బాకీ పడినవారిలో చిన్న సరఫరాదారులూ ఉన్నారు. ఆ భవనం చివరకు 5.75 కోట్ల డాలర్లకు కాథలిక్ మేత్రాసనం చేతికి వెళ్లింది. తాకట్టు హక్కు ఉన్న బ్యాంకు తన బాకీ ఎలాగూ రాబట్టుకుంటుంది, ఆ హక్కు లేని చిన్నవారే ఆఖరున మిగులుతారు. మొదటి నెలల వసూళ్లతో వారి బకాయిలు తీర్చి, ఆ తరువాత బ్యాంకు అసలు వైపు వెళ్లమని నా విన్నపం. వడ్డీ లెక్క ప్రకారం ఇది కొంత నష్టమే. అయినా వారి ఇళ్లలో ఆ డబ్బు కోసం ఎదురుచూసేవారు ఉంటారు.

లక్ష్యం చేరిన రోజున ఏం చేయాలో కార్యక్రమం మొదలుపెట్టిన రోజే రాసి పెట్టుకోవాలి. అరణ్యంలో ప్రత్యక్ష గుడారానికి కావలసిన దానికంటే జనులు ఎక్కువ తెస్తున్నారని పనివారు చెప్పినప్పుడు, ఇక తేవద్దని మోషే పాళెమంతటా చాటింపు వేయించాడని నిర్గమకాండము 36వ అధ్యాయంలో ఉంది. మనం కూడా అప్పు తీరిన వారంలోనే ఆ సంగతి ప్రకటించి, తాకట్టు విడుదల పత్రం నమోదు చేయించి, ఆస్తి పత్రాలను బ్యాంకు నుంచి తెచ్చుకుని, చివరి లెక్కను ఆడిట్ చేయించి సభ ముందు పెట్టాలి. ఇంకా వాగ్దానం మిగిలి ఉన్నవారికి ఒక్కొక్కరికీ ఉత్తరం రాయాలి: అప్పు తీరింది, మీ బాధ్యత ఇక్కడితో ముగిసింది, మిగిలిన మొత్తాన్ని మరో పనికి ఇవ్వదలిస్తే అది ఏ పనో మీరే చెప్పండి అని.