గదిలో లేనివాళ్లకు జవాబు ఎవరు చెబుతారు?

హోస్ట్: నమస్కారం, అందరికీ స్వాగతం. ఇవాళ రెండు విషయాలు కలిపి మాట్లాడుకుందాం. ఒకటి రిమోట్ వర్క్, అంటే ఆఫీసుకు వెళ్లకుండా చేసే ఉద్యోగం. రెండోది జనం ఆన్‌లైన్‌లో పాలనలో పాలుపంచుకోవడం, అంటే పిటిషన్లు, ఫిర్యాదుల పోర్టళ్లు, ఇంటర్నెట్ ఓటింగ్ లాంటివి. ఈ రెండింటికీ ముడి ఎలా పడిందని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. మనతో ఉన్న అక్క ఏళ్ల తరబడి రిమోట్ టీముల్లో పనిచేస్తున్నారు, తీరిక దొరికితే పౌర సమస్యల మీద పనిచేసే వాలంటీర్లతో కలిసి తిరుగుతుంటారు. అక్కా, ఆ ముడి సంగతేంటో మీరే చెప్పండి.

అతిథి: రెండు చోట్లా కథ ఒకటే తమ్ముడూ. నిర్ణయం ఏదో ఒక గదిలో జరుగుతుంది, దాని ఫలితం అనుభవించేవాళ్లు ఆ గదిలో ఉండరు. వీడియో కాల్ వచ్చింది, పోర్టల్ వచ్చింది, మన మాట ఆ గది దాకా వెళ్తోంది, చాలా సంతోషం. వెళ్లాక దాన్ని ఎవరు విన్నారు, ఏం తేల్చారు, ఎందుకలా తేల్చారు, ఇది మనకు తిరిగొస్తోందా? నా గోలంతా దాని గురించే. మాట వెళ్లే దారి మీద పెట్టిన శ్రద్ధ జవాబు వచ్చే దారి మీద పెట్టలేదు.

హోస్ట్: సరే, ముందు ఉద్యోగం సంగతి చూద్దాం. రిమోట్ వర్క్ 2020లోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు.

అతిథి: ఆలోచన చాలా పాతది. 1973లో జాక్ నిల్లెస్ అనే ఆయన దీనికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టారు, అంతకుముందు నాసా ప్రాజెక్టుల్లో పనిచేసిన ఇంజనీరు. ఆయన అప్పట్లో ఇంట్లో కూర్చోమని చెప్పలేదు. ఊరి మధ్యలో ఉన్న పెద్ద ఆఫీసును ముక్కలు చేసి, ఉద్యోగుల ఇళ్లకు దగ్గర్లో చిన్న ఆఫీసులు పెట్టి, వాటిని ఫోన్ లైన్లతో కలపమన్నారు. అంటే దారి అప్పుడే కనిపించింది. ఇన్నేళ్లు ఆగడానికి కారణం యంత్రాల కంటే మేనేజర్ల మనసేనని నా అభిప్రాయం. మనిషి కళ్లెదుట ఉంటేనే పని జరుగుతున్నట్టు అనే నమ్మకం అంత గట్టిది. 2020లో ఇంకో దారి లేక ఒప్పుకున్నారు. జూమ్ మీటింగుల్లో చేరేవాళ్ల సంఖ్య 2019 డిసెంబరులో రోజుకు కోటి దాకా ఉండేది, 2020 ఏప్రిల్‌కల్లా 30 కోట్లకు చేరింది. ఒకే మనిషి రెండు మీటింగుల్లో ఉంటే రెండుసార్లు లెక్కేస్తారనుకో, అయినా చిన్న మార్పు కాదది.

హోస్ట్: మరి ఆ మేనేజర్ల భయంలో నిజం లేదంటారా? ఇంట్లో ఉంటే పని తగ్గదా?

అతిథి: దీన్ని పద్ధతిగా పరీక్షించినవాళ్లున్నారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఇంకొందరు కలిసి చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో 2010 చివర్లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు, తొమ్మిది నెలలు నడిపారు. ఇంటి నుంచి చేస్తామని ముందుకొచ్చినవాళ్లలో పుట్టిన తేదీ సరి సంఖ్య అయితే ఇంటికి పంపారు, బేసి అయితే ఆఫీసులో ఉంచారు. ఇంటికి వెళ్లినవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. చాలామంది ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. సమానంగా పనిచేసినవాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంటి నుంచి చేసినవాళ్లకు ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. నా మనసులో నాటుకుపోయింది ఈ రెండో సంగతే. పని పెరిగిందని లెక్కల్లో కనిపిస్తూనే ఉంది, అయినా పెద్ద పోస్టుకు పేరు అనుకునేటప్పుడు గుర్తొచ్చేది పక్క సీట్లో ఉన్న మనిషి.

హోస్ట్: అంటే కావాలని పక్కన పెడుతున్నారా?

అతిథి: చాలాసార్లు ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. ఒక మీటింగ్ చెబుతాను, వినేవాళ్లలో సగం మంది ఇలాంటిదాంట్లో కూర్చునే ఉంటారు. గదిలో కొంతమంది, తెర మీద ఇద్దరు ముగ్గురు. గదిలో ఎవరో ఓ మాటన్నారు, అందరూ నవ్వారు, మైకుకు అందలేదు. తెర మీదవాళ్లు ఏమీ వినపడకపోయినా నవ్వు మొహం పెట్టారు. ఒకామె ఏదో చెబుదామని మ్యూట్ తీసింది, ఆ అర సెకను ఆలస్యంలో గదిలో ఇంకొకాయన అందుకున్నాడు, ఆమె మళ్లీ మ్యూట్ చేసుకుంది. చెయ్యెత్తిన గుర్తు తెర మూలన అలాగే ఉంది, అందరికంటే ఎక్కువ మాట్లాడే ఆయనేమో తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు. టైమ్ అయింది, ఉంటామని కాల్ కట్ చేశారు. ఇక కాల్ కట్ అయ్యాక గదిలోవాళ్లు లేస్తూ లేస్తూ ఓ ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు చూడు, అసలు విషయం అక్కడ తేలిపోతుంది. తెర మీద ఉన్నవాళ్లకు అది మర్నాడు ఎవరో మాటల మధ్యలో అంటే తెలుస్తుంది, అప్పటికే పని సగం మొదలై ఉంటుంది.

హోస్ట్: ఇది నేనూ చూశాను. హైబ్రిడ్, అంటే కొన్ని రోజులు ఇల్లు కొన్ని రోజులు ఆఫీసు అయితే ఇంకా ఇబ్బందేనా మరి?

అతిథి: ఎలా నడుపుతారన్నదాన్ని బట్టి. అదే కంపెనీలో, ఇప్పుడు దాని పేరు ట్రిప్.కామ్, 1,612 మందితో చేసిన ఇంకో ప్రయోగం ఫలితాలు 2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చాయి. వారంలో రెండు రోజులు ఇల్లు, మిగతా రోజులు ఆఫీసు. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, ఈసారి ప్రమోషన్లలో తేడా రాలేదు. నేను అర్థం చేసుకున్నది ఏంటంటే, అందరూ వారంలో ఎక్కువ రోజులు ఆఫీసులో కనిపిస్తున్నారు కాబట్టి ఎప్పుడూ తెర మీదే ఉండే మనిషంటూ ఎవరూ లేరు. పూర్తిగా దూరంగా ఉండేవాళ్లకు ఈ మందు పనికిరాదు కదా, వాళ్లకు ఇంకో దారి కావాలి.

హోస్ట్: ఏంటా దారి?

అతిథి: రాసి పెట్టడం. చప్పగా అనిపిస్తుంది కానీ నేను చూసినంతలో పనిచేసేది ఇదొక్కటే. ఓపెన్ సోర్స్ వాళ్లను చూడు, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టి కలిసి రాసేవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా దశాబ్దాలుగా పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు కడుతున్నారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పెద్ద మార్పు కావాలంటే పెప్ అనే పత్రం రాయాలి, 2000 నుంచీ ఇదే పద్ధతి. దాని మీద చర్చ జరుగుతుంది, చివరికి ఒప్పుకున్నారో లేదో అందులోనే రాస్తారు. నాకు బాగా నచ్చేది తిరస్కరించిన పెప్‌లు. వాటిని చెరిపేయరు, ఎందుకు వద్దనుకున్నారో సాధారణంగా అక్కడే రాసి ఉంటుంది, పదేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన కుర్రాడు కూడా చదువుకోవచ్చు. నా ప్రతిపాదన కొట్టేశారు, సరే, కారణం తెలిసింది కాబట్టి మళ్లీ మంచిగా రాసుకొస్తాను. జవాబే రాకపోతే మనిషి రెండోసారి నోరు తెరవడు. ఆ ఊరుకోవడాన్ని మేనేజర్లు ఒప్పుకోవడం అనుకుంటారు.

హోస్ట్: ఇక్కడి నుంచి రెండో విషయంలోకి వచ్చేయొచ్చు. ప్రభుత్వాలకూ జనానికీ మధ్య కూడా ఇదే జరుగుతోందా?

అతిథి: అచ్చం ఇదే, కాకపోతే లక్షల మందితో. మంచి పద్ధతితో మొదలుపెడతాను. బ్రిటన్ పార్లమెంటు పిటిషన్ల సైట్‌లో 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబివ్వాలి, 1,00,000 దాటితే పార్లమెంటులో చర్చకు పెట్టే విషయం పరిశీలిస్తారు. 2019లో బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం, రద్దు చేయాలన్న పిటిషన్‌కు 60 లక్షలు పైగా సంతకాలు వచ్చాయి. ప్రభుత్వం కుదరదంది, ఏప్రిల్ 1న చర్చ జరిగింది, బ్రెగ్జిట్ మాత్రం ఆగలేదు. ఇంతమంది అడిగినా వినలేదని కొందరికి కోపం. నేను వాళ్లతో పూర్తిగా ఏకీభవించను. ఎన్ని సంతకాలకు ఏం జరుగుతుందో ముందే చెప్పారు, చెప్పినట్టు చేశారు, కాదన్నది కూడా బాహాటంగా కాదన్నారు. నాకు భయమేసేది ఐస్‌లాండ్ లాంటి కథ. 2011లో 25 మంది సభ్యుల మండలి కొత్త రాజ్యాంగం ముసాయిదాను ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో పెడుతూ, ఫేస్‌బుక్‌లో సలహాలు తీసుకుంటూ రాసింది. 2012 అక్టోబరులో జనాన్ని అడిగితే ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది దీన్నే ఆధారం చేసుకోమన్నారు. తర్వాత పార్లమెంటు దాన్ని ఆమోదించనే లేదు. అంత శ్రద్ధగా రాసినవాళ్లు, ఓటేసినవాళ్లు, వాళ్ల మనసు ఎలా ఉంటుంది చెప్పు.

హోస్ట్: అయితే ప్రభుత్వాల వైపు నుంచి ఒక మాట అంటారు కదా, లక్షల్లో అభిప్రాయాలు వచ్చి పడితే అన్నీ ఎవరు చదువుతారని.

అతిథి: న్యాయమైన మాటే. దానికి తోడు దొంగ అభిప్రాయాలు ఒకటి. అమెరికాలో 2017లో నెట్ న్యూట్రాలిటీ, అంటే ఇంటర్నెట్ కంపెనీలు అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న నియమం మీద, అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ జనం అభిప్రాయాలు అడిగితే 2.2 కోట్లకు పైగా వచ్చాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం విచారించి 2021లో తేల్చిందేంటంటే వాటిలో సుమారు 1.8 కోట్లు నకిలీవి! బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల తరఫు ప్రచారం కోసం జనం పేర్లు వాళ్లకు తెలియకుండా వాడి పంపినవి లక్షల్లో ఉన్నాయి. అవతలి పక్షం, అంటే ఆ నియమం ఉండాలన్నవాళ్ల కోసం 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు ఒక్కడే ప్రోగ్రాం రాసి 77 లక్షలు పంపాడు. కాబట్టి పెట్టె తెరిచి పెట్టి ఎంత మంది రాశారో లెక్క చెబితే సరిపోదు. నిజంగా కూర్చుని నాలుగు ముక్కలు రాసిన మనిషి ఆ గుట్ట కింద పడిపోతాడు.

హోస్ట్: దీన్ని ఎవరైనా బాగా చేశారా?

అతిథి: తైవాన్ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 2015లో ఊబర్ మీద గొడవ నడుస్తున్నప్పుడు వీతైవాన్ అనే వేదికలో పోలిస్ అనే సాధనం వాడారు. అందులో ఎవరో రాసిన వాక్యానికి ఒప్పుకుంటాననో ఒప్పుకోననో, లేదంటే వదిలేస్తాననో నొక్కాలి, అంతే. రిప్లై బటన్ లేదు. బటన్ లేకపోతే తిట్టుకోవడానికి చోటు లేదు. ఎవరు ఎవరితో ఏకీభవిస్తున్నారో బొమ్మలా కనిపిస్తుంది కాబట్టి, టాక్సీవాళ్లూ ఊబర్ వాడేవాళ్లూ కొట్టుకుంటున్నారనుకున్న చోట కూడా ప్రయాణికుల బీమా లాంటి విషయాల్లో అందరిదీ ఒకే మాటని తేలింది. వీతైవాన్‌లో తేలినదాన్ని ప్రభుత్వం పాటించి తీరాలని లేదు, అది దాని లోపం. అక్కడే జాయిన్ అనే ఇంకో వేదిక ఉంది, 5,000 సంతకాలు పడితే సంబంధిత శాఖ జవాబివ్వాల్సిందే. 2017లో పన్ను కట్టే సాఫ్ట్‌వేర్ దారుణంగా ఉందని ఒక డిజైనర్ అందులో ఘాటుగా రాశారు. మామూలుగా అయితే ఏం చేస్తారు? మీ సూచనకు ధన్యవాదాలు అంటారు. అక్కడ ఆయననూ, అలాగే విసుక్కున్న మిగతావాళ్లనూ పిలిచి, పన్నుల అధికారులతో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎక్కడ ఆగిపోతున్నారో ఒక్కో మెట్టూ రాయించి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ తయారు చేయించారు. ఇది విన్న రోజు నాకు నిజంగా ఎంత ఆనందమేసిందో.

హోస్ట్: ఆన్‌లైన్ అనగానే నాకు ఇంకో సందేహం. ఇంటర్నెట్ లేనివాళ్ల సంగతి? అసలు మీటింగులు ఆన్‌లైన్‌కి వస్తే కొత్తవాళ్లు వస్తున్నారా?

అతిథి: 2024 నాటికి ప్రపంచంలో 260 కోట్ల మంది ఇంటర్నెట్‌కు బయటే ఉన్నారని ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ లెక్క. అది ఒకటి. ఉన్నవాళ్లలో కూడా అనుకున్నంత మార్పు రాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో కొత్త ఇళ్ల నిర్మాణాల మీద జరిగే బహిరంగ సమావేశాలు 2020లో జూమ్‌కి మారాయి. పిల్లలు చిన్నవాళ్లున్నవాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు ఇప్పుడైనా వస్తారని ఆశపడ్డారు. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చూస్తే మళ్లీ ఎక్కువగా సొంత ఇళ్లున్నవాళ్లు, వయసు పైబడినవాళ్లే మాట్లాడుతున్నారు. తలుపు తీసినంత మాత్రాన సరిపోదు, వచ్చి మాట్లాడితే ఉపయోగం ఉంటుందనే నమ్మకం కుదరాలి. అది జవాబులు చూస్తేనే కుదురుతుంది.

హోస్ట్: మీ అనుభవంలో అలాంటి నమ్మకం పోయిన సందర్భం ఏదైనా ఉందా?

అతిథి: ఫిర్యాదుల పోర్టల్ వాడినవాళ్లందరికీ ఉంటుంది. వీధి దీపం వెలగట్లేదని ఫొటో తీసి పెట్టాను. వెంటనే నంబరు వచ్చింది, మెసేజ్ వచ్చింది, అబ్బో అనుకున్నాను. కొన్నాళ్లకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఇంకో మెసేజ్. వెళ్లి చూస్తే చీకటే. మళ్లీ తెరుద్దామంటే ఆ పేజీలో బటనే లేదు, కొత్త ఫిర్యాదు పెట్టుకోవాలట. లెక్కల్లో చూస్తే ఆ ఆఫీసు ఫిర్యాదులన్నీ గడువులోపే తీర్చేస్తోంది. టికెట్, అంటే ఆ ఫిర్యాదు నమోదు, మూసే అధికారం పనిచేయాల్సినవాళ్ల చేతిలోనే ఉన్నంతకాలం ఇలాగే ఉంటుంది. ఆఫీసుల్లోనూ అంతే, సపోర్ట్ టికెట్ ఎవరు మూస్తారన్నది చాలా పెద్ద ప్రశ్న.

హోస్ట్: మరి ఎవరు మూయాలంటారు?

అతిథి: పెట్టినవాళ్లు. కనీసం వాళ్లను ఒక్క మాట అడగాలి. బ్రిటన్‌లో మైసొసైటీ అనే సంస్థ 2007లో ఫిక్స్‌మైస్ట్రీట్ అని ఒక సైట్ పెట్టింది, రోడ్డు మీద గుంత, పాడైన దీపం లాంటివి మ్యాప్‌లో గుర్తు పెడితే సంబంధిత కౌన్సిల్‌కి వెళ్తుంది. ఫిర్యాదు పెట్టిన నాలుగు వారాలకు, పెట్టిన మనిషికే మెయిల్ వస్తుంది: సమస్య తీరిందా, ఇంకా అలాగే ఉందా అని. ఇంత చిన్న మెయిల్. దీనికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

హోస్ట్: ఆ జవాబు మిగతావాళ్లకు కనిపిస్తుందా?

అతిథి: తీరిందని చెబితే ఫిర్యాదు పక్కనే అలా కనిపిస్తుంది, ఆ దారిన వెళ్లే ఎవరైనా చూడొచ్చు.

హోస్ట్: ఎస్టోనియా ఇంటర్నెట్ ఓటింగ్ గురించి అడగాలనుకున్నాను, టైమ్ అయిపోయింది.

అతిథి: దానికి విడిగా ఓ ఎపిసోడ్ కావాలి. 2005లో మొదలుపెడితే 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి. ఎవరైనా బెదిరించి వేయించినా తర్వాత మళ్లీ వేసుకోవచ్చు, చివరిదే లెక్క. ఓటు రహస్యం సంగతి, భద్రత మీద నిపుణుల అభ్యంతరాలు, అవన్నీ హడావుడిగా చెప్పేవి కావు.

హోస్ట్: అయితే వచ్చే వారం అదే మాట్లాడుకుందాం. థాంక్స్ అక్కా.

అతిథి: ఉంటాను తమ్ముడూ.