సాల్ఫర్డ్ సోఫాలో తెనాలి తీర్పులు

అందరికీ నమస్కారమండి. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు, తెనాలిలో రాత్రి ఏడున్నర. అంటే మా అమ్మ రిమోట్ చేతిలోకి తీసుకున్నాక ఇంట్లో మిగిలినవాళ్ళందరూ గొంతు తగ్గించుకోవలసిన వేళ. “తెల్లవాళ్ళు కూడా సీరియళ్ళు చూస్తారా, చూస్తే మనలాగే తిట్టుకుంటారా?” అని మా ఎదురింటి పిన్నిగారు మూడు నెలలుగా అడుగుతున్నారు కనుక ఈ వీడియో ఆవిడ కోసమే చేస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు? ‘కార్తీకదీపం’ సీరియల్ 2023 జనవరిలో ముగిసిపోయినా మా అమ్మ అందులోని విలన్ మోనితను ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది, ఆ తిట్లలో రెండు నిమిషాల ముక్కకు వచ్చినన్ని వ్యూస్, నేను చలిలో వేళ్ళు కొంకర్లు పోయేలా తిరిగి తీసిన క్రిస్మస్ మార్కెట్ వీడియోకు రాలేదు. దాని మీద వచ్చినది 11 పౌన్లు, మన డబ్బులో 1,200 చిల్లర, అందులో సగం తన వాటా అని అమ్మ వాదిస్తోంది.

మా పక్కింట్లో 79 ఏళ్ళ పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఇక్కడ అంత వయసువాళ్ళను కూడా ఉత్త పేరుతో పిలవాలి, లేకపోతే వాళ్ళే నొచ్చుకుంటారు. నాకు నోరు రాక ఆంటీ అంటాను, ఆవిడ నవ్వి ఊరుకుంటారు. మా ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉండే వరస ఇళ్ళు కావడం వల్ల ఆవిడ టీవీలో ఏ సీరియల్ పాట మొదలైనా నాకు వినిపిస్తుంది. అలా వినీ వినీ ఒకనాటి సోమవారం నేనే వెళ్ళి తలుపు కొట్టాను. అప్పటి నుంచి ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ ఇచ్చే పాలెక్కువ టీ తాగుతూ ‘కొరొనేషన్ స్ట్రీట్’ చూడటం నాకు అలవాటయింది.

ఈ సీరియల్ మొదలైనది 1960 డిసెంబరు 9న. మా సాల్ఫర్డ్ వీధులను చూసి ఊహించుకున్న వెదర్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఒక వీధి, ఆ వీధి చివర రోవర్స్ రిటర్న్ అనే పబ్బు, కథంతా ఆ చుట్టుపక్కలే నడుస్తుంది. మొదటి ఎపిసోడ్‌లో కెన్ బార్లో అనే కాలేజీ కుర్రవాడిగా కనిపించిన విలియమ్ రోచ్ అనే నటుడు ఆ పాత్రలోనే ముసలివాడయ్యారు. ‘కార్తీకదీపం’ హీరోయిన్ దీపను, అదే మన వంటలక్కను, అయిదేళ్ళు చూసినందుకే మేము ఓపికమంతులమని అనుకునేవాళ్ళం. ఆంటీ ఏమో తన పెళ్ళి కాకముందు నుంచి అతన్ని చూస్తున్నారు, అతని పెళ్ళిళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు, ఇప్పటికీ అతనికి బుద్ధి రాలేదని బాధపడతారు.

ఒకరోజు ఆ సీరియల్ కొంచెం ఫోన్‌లో అమ్మకు చూపించాను. అయిదు నిమిషాలు మాట్లాడకుండా చూసి, “ఇందులో హీరోయిన్ ఎవరే?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. అందులో అందరూ రేషన్ షాపు ముందు వరసలో నిలబడినవాళ్ళలాగే ఉంటారు. ముడతలు పడిన కోటు, చెదిరిన జుట్టు, కడగని గిన్నెలు కనిపిస్తాయి. చెంపదెబ్బ కొడితే ఒక్కసారే చూపిస్తారు, పక్కన నిలబడిన ఎనిమిది మంది ముఖాలూ మూడేసి సార్లు మెరుపులతో చూపించరు. అమ్మకు ఇది మరీ పిసినారితనంగా తోచింది.

తర్వాత ఎదురు పరీక్ష నాకు వచ్చింది. ఆంటీకి దీపను చూపించాను. వంటింట్లో పట్టుచీర, చేతినిండా గాజులు ఎందుకని అడుగుతారేమో, పండగ అని బొంకుదామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని, దీప వేషంలో ఉన్న ప్రేమి విశ్వనాథ్ బొమ్మను, వేషం లేని ఆమె ఫొటోను పక్కపక్కన పెట్టి చూసి, “ఆ అమ్మాయికి రంగు ఎందుకు పూశారు?” అన్నారు. నల్లగా ఉన్నందుకు చిన్నచూపు చూసిన కుటుంబం కథ చెప్పడానికి, తెల్లగా ఉన్న నటికి నలుపు పూశారని నేను వివరించవలసి వచ్చింది. ఆ మాటలు ఇంగ్లీషులో నా నోటివెంట వస్తుంటే నా చెవులకే బాగా లేదు. అన్నేళ్ళు ఆ సీరియల్ చూసి ఏడ్చిన మా ఇంట్లో ఒక్కరం కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు.

తీర్పుల విషయానికి వస్తే అమ్మ కొలబద్ద వేరు, ఆవిడ కొలబద్ద వేరు. అత్త ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న కోడలిని అమ్మ ఆ క్షణమే విలన్ల జాబితాలో చేరుస్తుంది, ఆ తర్వాత ఆ పిల్ల ఎన్ని నోములు నోచినా క్షమించదు. ఆంటీ దృష్టిలో మనిషి గుణం బయటపడే చోటు పబ్బు. ఇక్కడ నలుగురు కలిసి వెళ్తే ఒకరి తర్వాత ఒకరు అందరికీ కలిపి కొనాలి; తన వంతు వచ్చేసరికి బాత్‌రూమ్‌కు వెళ్ళేవాడు హత్య చేసినవాడికంటే హీనం. ఈ సంగతి అమ్మకు చెబితే వెంటనే అర్థమైపోయింది, హోటల్లో బిల్లు వచ్చేవేళకు చెప్పుల కోసం వెతుక్కునే మా బంధువు ఒకరి పేరు ఠక్కున చెప్పింది. (ఆయన ఈ వీడియో చూస్తారు కనుక ఆ పేరు కోసేశాను.) తిట్ల దగ్గర మాత్రం పోలికే లేదు. అమ్మ “దీని జిమ్మడ” దగ్గర మొదలుపెడుతుంది. ఆవిడ ఎంత కోపం వచ్చినా పెదవులు బిగించి, “ఆమె కొంచెం అదోరకం” అంటారు.

అలాగని వీళ్ళది చల్లటి రక్తమని అనుకోకండి. 1998లో ఇదే సీరియల్లో పెద్ద కళ్ళద్దాల డీడ్రీ అనే పాత్ర, విమానం పైలట్‌నని చెప్పుకున్న మోసగాడిని నమ్మి, చేయని నేరానికి జైలుకు వెళ్ళింది. ఆమెను విడిచిపెట్టాలని పత్రికలు ఉద్యమం నడిపాయి, ప్రధానమంత్రి టోనీ బ్లెయిర్ కూడా ఆ గొడవలో ఒక మాట వేశారు. ఆంటీ అయితే కారు వెనక అద్దానికి స్టిక్కర్ అంటించారట. ఇది విన్న అమ్మ, “మరి దీప అన్నేళ్ళు మొగుడి చేత అన్యాయంగా మాటలు పడుతుంటే మన ముఖ్యమంత్రులు ఇద్దరిలో ఒక్కరైనా నోరు విప్పారా?” అని నన్ను నిలదీసింది.

ఇప్పుడు నన్ను అన్నింటికంటే మురిపించిన వింత చెబుతాను. చానల్ ఫోర్‌లో ‘గాగుల్‌బాక్స్’ అనే రియాలిటీ షో ఉంది, 2013 నుంచి నడుస్తోంది. వేరువేరు ఊళ్ళలో కొన్ని కుటుంబాలు తమ ఇళ్ళలో సోఫాల మీద కూర్చుని, ఆ వారం టీవీలో వచ్చినవి చూస్తూ వ్యాఖ్యానిస్తారు; వాళ్ళు చూడటాన్ని మనం చూడాలి. అంతే కార్యక్రమం! మా ఇంట్లో 30 ఏళ్ళుగా ఉచితంగా జరుగుతున్నది ఇదే కదా అని నాకు నవ్వు ఆగలేదు. పైగా ఇక్కడ ఏ చానలైనా ప్రసారమయ్యే వేళకే చూడాలంటే లైసెన్సు కట్టాలి. దాన్ని 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌన్లు చేశారు, అంటే సుమారు 20,000 రూపాయలు. ఆ అంకె విని అమ్మ టీవీ గొంతు తగ్గించింది.

చూడగా చూడగా ఆ సోఫాల మీది కుటుంబాలే సీరియల్ పాత్రలైపోతాయి. డెర్బీలోని సిద్దిఖీల ఇంట్లో ఎదిగిన కొడుకులు తండ్రి పక్కన కూర్చుని చూడటం అమ్మకు ఎంతో నచ్చింది, ఆ ఇంటికి నూటికి నూరు మార్కులు వేసింది. హల్ దగ్గర కారవాన్‌లో కూర్చుని చూసే జెన్నీ, లీ అనే ఇద్దరు భార్యాభర్తలు కారని, ఉత్త స్నేహితులని చెబితే చాలాసేపు నమ్మలేదు. ఆంటీకి ఇష్టమైనవాళ్ళు లివర్‌పూల్ దంపతులు జూన్, లియాన్. లియాన్ 2017 డిసెంబరులో పోయారు. “ఆ తర్వాత జూన్ షోలో కూర్చోలేదు, నేనైనా కూర్చోలేను” అని చెప్పి ఆవిడ లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోయారు. అప్పుడు గమనించాను, మేమిద్దరం ఎప్పుడూ సోఫా మీదనే ఇరుక్కుని కూర్చుంటాం. కిటికీ పక్కన గోధుమరంగు కుర్చీ ఖాళీగా ఉంటుంది, దాని చేతి మీద ఒక టీవీ పత్రిక తెరిచి బోర్లించి ఉంటుంది. ఆ పత్రిక ఏ ఏటిదో నేను అడగలేదు.

అమ్మ లైన్లోనే ఉంది, అక్కడ ప్రకటనలు వస్తున్నాయి. ఆ కెన్ బార్లో ఈ వయసులో మళ్ళీ ఎవరినైనా చేసుకుంటాడేమో ఆవిడను కనుక్కోమంటోంది. సరే, ఈ రాత్రికి అడుగుతాను. పోయిన వారం ఆంటీ కూడా నన్ను ఒకటి అడిగారు: “దీప మొగుడు, మీ డాక్టర్ బాబు, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాడా?” చెప్పాడన్నాను. “ఎన్ని ఎపిసోడ్లు పట్టింది?” అన్నారు.