చలిలో జతకట్టే పరమాణువులు

శ్రోతలకు నమస్కారం.

గాలిలోని అణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో పరుగెడుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి. ఆ రభసలో ఒక చిన్న అయస్కాంతం చేసే పని కనబడదు. అదే వాయువును పరమ శూన్య ఉష్ణోగ్రతకు, అంటే అంతకంటే చల్లదనం సాధ్యంకాని హద్దుకు, డిగ్రీలో పది లక్షల వంతు కూడా తేడా లేనంతగా చల్లబరిస్తే, అక్కడి కణాలు సెకనుకు సెంటీమీటరుకు అటూ ఇటూగా కదులుతాయి. అంత నెమ్మదిలో అయస్కాంతం మాట చెల్లుతుంది.

చిక్కేమిటంటే, అణువును నేరుగా అంత చల్లబరచడం కష్టం. పరమాణువులా అది ఊరికే కదలదు, తిరుగుతుంది, కంపిస్తుంది కూడా. అందుకే ముందు పరమాణువులను చల్లబరిచి, తర్వాత జతకట్టించే పద్ధతి వచ్చింది. ఆ పెళ్లి పెద్ద అయస్కాంత క్షేత్రమే!

విడివిడిగా ఉన్న రెండు పరమాణువులకు ఒక శక్తి స్థాయి, వదులుగా ముడిపడిన జంటకు మరొకటి ఉంటాయి. క్షేత్రాన్ని మారుస్తూ పోతే ఈ రెండూ వేర్వేరు వేగాలతో కదులుతాయి, పక్కపక్కనే నడుస్తున్న రెండు లిఫ్టుల్లాగా. రెండూ ఒకే ఎత్తుకు వచ్చే చోటును ఫెష్‌బాక్ అనునాదం అంటారు. ఆ చోటును నెమ్మదిగా దాటిస్తే పరమాణువులు ఒక లిఫ్టులోంచి రెండోదానిలోకి అడుగు పెడతాయి. తొందరపడితే ఉన్నచోటే ఉండిపోతాయి.

2008లో అమెరికాలోని బౌల్డర్ నగరంలో డెబోరా జిన్, జున్ యె బృందం పొటాషియం, రుబీడియం పరమాణువులను ఇలాగే కలిపింది. అక్కడ క్షేత్రం సుమారు 546 గాస్. భూమి క్షేత్రం అర గాస్ ఉంటుంది, అంటే దాదాపు వెయ్యి రెట్లు. పుట్టిన జంట మరీ బలహీనమైనది. దాన్ని లేజర్లతో అతి తక్కువ శక్తి స్థితికి దించి గట్టిపరిచారు.

నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఇక్కడే ఉంది. గట్టిపడిన అణువులో బయటి ఎలక్ట్రాన్లు జతపడి ఒకదాని అయస్కాంతత్వాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది కేంద్రకాల అయస్కాంతత్వం, సుమారు వెయ్యో వంతు. అయస్కాంతం కలిపిన జంటే ఇప్పుడు అయస్కాంతాన్ని పెద్దగా లెక్కచేయదు! కాల్షియం మోనోఫ్లోరైడ్ అనే మరో అణువు అలా కాదు. దానిలో ఒక ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగులుతుంది కాబట్టి క్షేత్రం పిలిస్తే పలుకుతుంది, అయస్కాంత వలలో చిక్కుతుంది.

బౌల్డర్ అణువులు తయారయ్యాయని ఎలా తెలిసింది? గట్టి అణువును ఫోటో తీయడం తేలిక కాదు. లేజర్లను వెనక్కి నడిపి జంటను మళ్లీ వదులు చేశారు. అప్పుడు దానిమీద కాంతి వేసి, కెమెరాలో పడిన నీడను లెక్కపెట్టారు.